సేనాని పేరుకు ధర

పదవి విరమించిన సేనాని ధనవంతుడు కావడం తప్పా? ఆయన అమ్ముతున్నదేమిటో తేల్చుకోకుండా జవాబు చెప్పలేము.

అమెరికా అంతర్యుద్ధంలో గెలిచిన సేనాని గ్రాంట్ రెండుసార్లు దేశాధ్యక్షుడైనాడు. తర్వాత వాల్ స్ట్రీట్‌లో ఒక వ్యాపారసంస్థలో తన సొమ్మునూ, పేరునూ పెట్టాడు. సంస్థకు ఎక్కువగా అక్కరకు వచ్చింది ఆ పేరే. 1884లో అది దివాలా తీసింది. ఆయన గొంతు కాన్సరుతో బాధపడుతూనే తన జ్ఞాపకాలు వ్రాశాడు. 1885లో ఆయన పోయాక ఆ పుస్తకమే కుటుంబాన్ని నిలబెట్టింది. మొదటిది పేరు బేరం, రెండవది శ్రమఫలం.

తర్వాత చాలామంది మొదటి దారినే పట్టారు. మకార్థర్ 1952లో రెమింగ్టన్ రాండ్ కంపెనీకి ఛైర్మన్ అయినాడు. 2016లో రిటైరైన జనరల్ లాయిడ్ ఆస్టిన్ ఆయుధాల కంపెనీ రేథియాన్‌లో డైరెక్టరై, 2021లో రక్షణమంత్రి అయినాడు. సైన్యం వదిలి ఏడేళ్లు గడవాలన్న చట్టాన్ని అమెరికన్ కాంగ్రెసు ఆయనకోసం సడలించింది.

అనుభవానికి జీతమిస్తే తప్పేమిటని కొందరంటారు. అనుభవానికైతే పేచీ లేదు. కాని కంపెనీకి హోదా, పరిచయాలు, గౌరవం కూడా కావాలి. అవి సిపాయిల నెత్తుటితో, ప్రజల పన్నులతో సమకూడిన ఉమ్మడి సొత్తు. దాన్ని ఒక్కడు అమ్ముకొనే హక్కెక్కడిది? పైగా, రేపటి కొలువు నీడ ఈనాటి ఆయుధాల కొనుగోలుపై పడదని ఎవరు హామీ ఇవ్వగలరు?

అదే యుద్ధంలో పోరాడిన సిపాయికి అమ్ముకొనేందుకు పేరు కూడా లేదు.