సార్ మంచోడే

రాత్రి తొమ్మిదింటికి అమీర్‌పేట హాస్టళ్ళలో ఒక తమాషా జరుగుతుంటుంది. ఎస్.ఆర్. నగర్ నుంచి బల్కంపేట దాకా ఏ గదిలోకి తొంగిచూసినా దాదాపు ఒకటే దృశ్యం. మంచం మీద స్టీలు కంచం, వాటర్ బాటిల్‌కి ఆనించి పెట్టిన ఫోను, అందులో ఏదో ఒక సీరియలో, సిరీసో. పగలంతా ఒక బాస్ కింద నలిగి, మెట్రోలో నిలబడి ఇల్లు చేరినవాళ్ళు అన్నం తింటూ చూసేది ఇంకో బాస్‌ని. మైకేల్ స్కాట్ చేసే పిచ్చి పనులకు పొలమారేలా నవ్వుతారు. ఆర్య సార్ తెర మీదకి వస్తే పక్కగదికి వినపడేలా కేకలు. ఈలోగా అసలు బాస్ దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చిందా, ముద్ద దిగదు.

తెర మీది పులి కరవదు కదా, ఇందులో వింతేముంది అనొచ్చు. అంతే అయితే ఇంత రాయక్కర్లేదు. నన్ను తొలుస్తున్నది వేరే ప్రశ్న. ఒక బాస్ మనకి నచ్చడం అనేది ఆ బాస్ మంచితనానికి రుజువేనా? ఇంకొకరి మీద అధికారం చేతిలో ఉన్న మనిషి ఇష్టుడైతే, ఆ అధికారం కూడా న్యాయమైనదైపోతుందా?

తెలుగు టీవీలో అందరికంటే ముద్దొచ్చే ఓనరు, నా లెక్కలో, అమృతమే. 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుళ్ళని పట్టుకెళ్ళిపోయిన గుణ్ణం గంగరాజు 'అమృతం'. విచిత్రం ఏంటంటే, అదే 2001 జులైలో అక్కడ బీబీసీలో 'ది ఆఫీస్' మొదలైంది. రిక్కీ జెర్వైస్ వేసిన డేవిడ్ బ్రెంట్ అనే మేనేజరు తనని అందరూ ఇష్టపడుతున్నారనుకుంటాడు, చూసేవాళ్ళు సిగ్గుతో మొహం తిప్పుకుంటారు. మన అమృతాన్ని చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు. అమృతవిలాస్‌లో ఓనర్లు ఇద్దరు, అమృతం, అంజి. పనివాడు సర్వం. ఆ సర్వం ఓనర్లకి భయపడిన పాపాన పోడు. మాటకి మాట అప్పజెప్తాడు. అమృతం వేషం శివాజీరాజా వేశాడు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. సర్వం మాత్రం ఎప్పుడూ వాసు ఇంటూరే. ముగ్గురు ఓనర్లు మారిపోయినా పనివాడు కదల్లేదు. హైదరాబాద్‌లో ఏ టిఫిన్ సెంటర్‌లోనూ ఇలా జరగదు!

అమృతం ఎందుకు నచ్చుతాడు? అతని చేతిలో అధికారం పేరుకే ఉంది గనక. ఇంటి ఓనరు అప్పాజీ ముందు నీళ్ళు నమలాలి, ఇంట్లో సంజీవనికి సమాధానం చెప్పుకోవాలి. సర్వాన్ని తీసేస్తానని బెదిరించినా హోటల్ నడిపేదెవరో ఇద్దరికీ తెలుసు. అంటే మనకి నచ్చింది బాస్ కాదు, బాస్ కుర్చీలో ఇరుక్కుపోయిన మనలాంటోడు. అయినా ఒకటడుగుతాను. ఆ పాత్రలన్నీ నాలుక చివర ఉండే మీకు, సర్వం జీతమెంతో గుర్తుందా?

ఆర్య సార్ కథ దీనికి పూర్తిగా ఎదురు. 2020లో జీ తెలుగులో మొదలైన 'ప్రేమ ఎంత మధురం'కి మూలం 'తులా పాహతే రే' అనే మరాఠీ సీరియల్. నడివయసు పారిశ్రామికవేత్త ఆర్యవర్ధన్, ఆయన కంటే సగం వయసున్న మధ్యతరగతి అమ్మాయి అను. శ్రీరామ్ వెంకట్ గొంతు తగ్గించి మాట్లాడే తీరు, ఆ సూట్లు, ఆ ఓపిక చూసి ఇష్టపడనివాళ్ళు తక్కువ. ఇక్కడ అధికారం నిండుగా ఉంది, కాకపోతే ఒక అమ్మాయి వైపు చల్లగా వీస్తుంది. మరి ఆ ఆఫీసులో మిగతావాళ్ళ సంగతి? వెనకాల ఫైళ్ళు పట్టుకుని నడిచే జూనియర్ ఆర్టిస్టులు ఉంటారే, వాళ్ళకి ఆర్య సార్ ఎలాంటి బాసు? సీరియల్‌కి ఆ ప్రశ్నతో పనిలేదు. చూసే మనం మాత్రం మనల్ని అను స్థానంలోనే ఊహించుకుంటాం. ఫైళ్ళు పట్టుకున్న మనిషిలో మనల్ని చూసుకోం. రేపు పొద్దున ఆఫీసులో మనం నిలబడేది అక్కడే అయినా సరే.

అమీర్‌పేటలో ఇంకో రకం సార్లున్నారు. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీల మీద చేతులు కట్టుకుని నవ్వుతుండే ఫ్యాకల్టీ సార్లు. వాళ్ళ చేతిరాత నోట్సు జిరాక్స్ షాపుల్లో అమ్ముడవుతుంది. క్లాసులో జోకులు, పక్కనే జీవితపాఠాలు, సినిమా డైలాగులు. పిల్లలకి వాళ్ళంటే ప్రాణం. ఆ ఇష్టంలో కల్తీ ఉందని నేననుకోను, ఎందుకంటే అమీర్‌పేటలో డెమో క్లాసు ఫ్రీ. నచ్చకపోతే మెట్లు దిగి ఎదురు బిల్డింగ్ ఎక్కేస్తాం. సార్ మనల్ని మెప్పించాలి, మనం సార్‌ని మెప్పించక్కర్లేదు. టీవీ బాసు కూడా ఇలాంటి వాడే. ఎప్పటికీ డెమోలోనే ఉంటాడు, మన వేలు రిమోట్ మీదే ఉంటుంది. అక్కణ్ణుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒక్క స్టేషన్. పంజాగుట్ట ఆఫీసుల్లో డెమో ఉండదు. అక్కడ ఒకటో తారీకు ఉంటుంది, నోటీస్ పీరియడ్ ఉంటుంది, రిలీవింగ్ లెటర్ కావాలంటే సార్ సంతకం ఉంటుంది.

నా పాత రూమ్మేట్ ఒకడు పంజాగుట్ట సందులో ఓ చిన్న ఆఫీసులో పనిచేసేవాడు. ఇరవై మంది లోపే. అక్కడి సార్ నిజంగా మంచోడే, వాడి మాటల్లో. సాయంత్రం అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించేవాడు. పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేవాడు. "మనదంతా ఒక ఫ్యామిలీ" అనేవాడు. జీతం మాత్రం ఒక నెల పదో తారీకుకి, ఇంకో నెల ఇరవైకి. గొడవేంటంటే, అడగబుద్ధి కాదు. బజ్జీ తిన్న నోటితో జీతమెప్పుడు సార్ అని ఎలా అడుగుతారు? అదే గయ్యాళి బాస్ అయితే మూడో తారీకునే అడిగేసేవాణ్ణి అన్నాడు మావాడు. నాకు ఈ మాట చాలా రోజులు గుర్తుండిపోయింది. సార్ మీద ఇష్టమే వాళ్ళ నోటికి తాళం వేసింది. ఆయన కావాలని వేశాడని కూడా చెప్పలేం.

అమెరికన్ 'ఆఫీస్'లో మైకేల్ స్కాట్‌ది ఇదే వరస. తన కాఫీ కప్పు మీద ప్రపంచంలోకెల్లా గొప్ప బాస్ అని రాసుంటుంది, ఆ కప్పు తనే కొనుక్కున్నది. 2005లో వచ్చిన మొదటి సీజన్లో ఉద్యోగుల ఆరోగ్య బీమా కుదించాల్సి వస్తే చెడ్డపేరు తనకెందుకని ఆ పని డ్వైట్ నెత్తిన పెడతాడు. పొద్దుపోయేలోగా మీకో సర్‌ప్రైజ్ అని ఊరించి ఐస్‌క్రీమ్‌లు తెస్తాడు. ఆ తర్వాత రచయితలు మైకేల్‌ని మెత్తబరిచారు. 2007 నాటి ఒక ఎపిసోడ్‌లో రిసెప్షనిస్ట్ పామ్ బొమ్మల ప్రదర్శన పెడితే ఆఫీసులో దాదాపు ఎవరూ సరిగా పట్టించుకోరు. మైకేల్ ఆలస్యంగా వస్తాడు, ఆమె గీసిన ఆఫీసు బిల్డింగ్ బొమ్మ చూసి గర్వపడతాడు, కొనుక్కుంటాడు. ఆ సీన్‌కి నా కళ్ళు కూడా తడిశాయి, అబద్ధమెందుకు. కానీ మైకేల్ అనగానే మనందరికీ ఆ బొమ్మే గుర్తొస్తుంది, బీమా గుర్తురాదు. కోత పడిన బీమాతో బతకాల్సింది మనం కాదు మరి.

అలాగని దయని తీసిపారేయలేను. పంజాగుట్టలోనే నిమ్స్ ఉంది. ఉద్యోగి తల్లికి బాగోలేదని అర్ధరాత్రి ఫోన్ చేస్తే తనకు తెలిసిన డాక్టరుతో మాట్లాడి, చొక్కా తొడుక్కుని ఆస్పత్రికి బయల్దేరిన బాసులు ఈ ఊళ్ళో ఉన్నారు. ఆ రాత్రికి ఏ హెచ్ఆర్ పాలసీ సాటిరాదు. అయితే అలాంటి మేలు పొందినవాడు ఆ తర్వాత ఆ ఆఫీసులో ఏ విషయంలోనైనా "కుదరదు సార్" అనగలడా? నాకు ఇక్కడే ముడిపడుతోంది.

మా వైపు ముసలివాళ్ళు దొరల కాలం సంగతులు చెప్పేటప్పుడు, పెద్ద దొర మంచోడే, చిన్న దొరే తిప్పలు పెట్టేది అనడం నేను విన్నాను. మంచి దొర గడీ ముందు కూడా చెప్పులు విప్పి చేత పట్టుకునే నడిచేవాళ్ళు. ఆయన కొట్టకపోవడం ఆయన దయ. రేపు కొట్టినా అడిగే దిక్కు లేదు. ఐరిష్ తత్వవేత్త ఫిలిప్ పెటిట్ 1997లో వచ్చిన 'రిపబ్లికనిజం' పుస్తకంలో దాదాపు ఈ సంగతే వాదించాడు. యజమాని ఎంత దయగలవాడైనా, తన ఇష్టమొచ్చినట్టు జోక్యం చేసుకునే శక్తి అతని చేతిలో ఉన్నంతకాలం బానిస స్వతంత్రుడు కాడు. ఆయన తర్వాతి రాతల్లో స్వేచ్ఛకి ఒక పరీక్ష పెట్టాడు: భయం, బతిమాలుడు లేకుండా ఎదుటివాడి కళ్ళల్లోకి చూడగలుగుతున్నావా? ఉద్యోగం బానిసత్వం కాదు, ఆ పోలిక అంతదూరం లాగను. కానీ పరీక్ష మాత్రం ఇక్కడా పనికొస్తుంది, ముఖ్యంగా బాస్ మంచోడైనప్పుడు.

ఆ పరీక్షలో నెగ్గిన ఒక సీన్ మైకేల్ ఆఫీసులోనే ఉంది. స్టాన్లీ హడ్సన్ అని ఒక ఉద్యోగి, మీటింగుల్లో క్రాస్‌వర్డ్ నింపుకుంటూ కూర్చుంటాడు, బాస్ జోకులకి నవ్వడు. 2008 నాటి ఒక ఎపిసోడ్‌లో అందరి ముందూ మైకేల్ మీద విరుచుకుపడతాడు. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు, నువ్వంటే నాకు గౌరవం లేదు అని మొహమ్మీదే చెప్తాడు. మైకేల్ మొహం చిన్నబోతుంది. అయినా సరే, గౌరవించకపోతే పోనీ, ఇక్కడ నేను బాస్‌ని కాబట్టి అలా మాట్లాడటానికి వీల్లేదు అంటాడు. స్టాన్లీ ఒప్పుకుంటాడు. అంతే. మైకేల్ జీవితమంతా వెంపర్లాడిన ఇష్టం ఆ గదిలో చెంచాడు కూడా లేదు. ఆ ఆఫీసు మొత్తమ్మీద ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకున్నట్టు నాకు అనిపించింది మాత్రం అప్పుడే. ఆ సీన్ కింద స్టాన్లీ పొగరు గురించి తిట్టినవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు. పాపం మైకేల్ అంటారు.

నా రూమ్మేట్ ఆఫీసులో కూడా ఒక స్టాన్లీ ఉండేది, కొత్తగా చేరిన అమ్మాయి. బజ్జీ తినేది, థాంక్స్ చెప్పేది. మూడో నెల ఐదో తారీకున సార్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టింది, ఆఫర్ లెటర్‌లో జీతం తేదీ ఒకటి అని ఉంది, ఈ నెల ఎప్పుడు పడుతుందో చెప్పగలరా అని. సార్ నొచ్చుకున్నాడు. నన్ను నోటితో అడిగితే సరిపోయేది కదమ్మా అన్నాడట, అందరికీ వినపడేలా. లంచ్‌లో ఇద్దరు సీనియర్లు ఆ అమ్మాయి పక్కనుంచి లేచి వేరే టేబుల్‌కి మారారు. జీతం మర్నాడు సాయంత్రం ఐదున్నరకి పడింది, అందరికీ. బజ్జీలు మాత్రం రాలేదు. మావాడు కిందికి దిగి, బండి దగ్గర తన డబ్బులతోనే ఒక ప్లేటు కొనుక్కుని తిన్నాడు.