బాటసారి విడిచిన నిప్పు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 22:6, ద్వితీయోపదేశకాండము 23:24, 25, లూకా 13:1–5



మన గ్రామములలో సైకిలనగా పనికి పోవు సాధనము. పాలబిందె తగిలించుకొని, మేతమోపు కట్టుకొని పోవువారిని దినదినము చూచుచున్నాము. ఎత్తు వచ్చినచో దిగి నడిపించుకొని పోవుదుమే గాని, కోరి కొండ యెక్కువారు మనలో అరుదు. అయితే స్పెయిన్ దేశములో కోరి కొండల మీదికే సైకిలు త్రొక్కువారు అనేకులు కలరు. 1970ల కాలమున అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో పుట్టిన మౌంటెన్ బైకునకు లావైన టైర్లును, ఎత్తు ఎక్కుటకు తగిన గేర్లును ఉండును. దానిమీద వారు రాళ్లదారులను, నదీలోయలను, పైను అడవులను దాటుచు దినముల తరబడి ప్రయాణము చేయుదురు. కూలి కొరకు కాదు, సరకు కొరకు కాదు, సంతోషము కొరకే.

ఇది వ్యర్థమైన శ్రమ యని కొందరు భక్తిపరులు తలంచవచ్చును. మేమట్లు తలంచము. అలసిన శిష్యులను మన ప్రభువే అరణ్యప్రదేశమునకు పిలిచి విశ్రమింపుమనెను (మార్కు 6:31). మనుష్యుడు కాపురముండని నేలమీద సహితము దేవుడు వర్షము కురిపించునని యోబు గ్రంథము చెప్పుచున్నది (38:26). సృష్టి యంతయు మన యుపయోగము కొరకే కలుగలేదు. దాని సౌందర్యమును చూచి సంతోషించుట సృష్టికర్తను ఘనపరచుటయే. కావున సంతోషము పాపము కాదు. మా ప్రశ్న వేరు. కీడు తలపెట్టని సంతోషము వలన పొరుగువానికి కీడు కలిగినయెడల, ఆ దోషము ఎవరిది? “నేను కోరి చేయలేదు” అను మాట దేవుని యెదుట చాలునా?

ఈ ప్రశ్నను స్పెయిన్ దేశపు అడవిలోనే నిలిచి ఆలోచింతము. మాడ్రిడ్ నగరమునకు తూర్పుగా గ్వాదలహార, క్వెంకా, తెర్వెల్ అను జిల్లాలు కలవు. ఆ కొండలలో పుట్టిన తాగస్ నది (ఆ దేశస్థులు తాహో అందురు) సుమారు 1,000 కిలోమీటర్లు పారి పోర్చుగల్‌లోని లిస్బన్ వద్ద సముద్రములో కలియును. దాని పై లోయలో నీరు సున్నపురాతి కొండలను లోతుగా కోసికొని పోయినది. ఇరుప్రక్కల పైను చెట్లు దట్టముగా నిలిచియున్నవి. ఆ ప్రాంతమును 2000 సంవత్సరములో ఆల్తో తాహో అను పేరిట రక్షిత ప్రకృతి వనముగా ప్రకటించిరి. సైకిలు యాత్రికులకు ఇది మిక్కిలి ప్రియమైన చోటు. ఈ మూడు జిల్లాల గుండా పోవు దాదాపు 700 కిలోమీటర్ల మార్గమునకు “ఖాళీ కొండలు” అను అర్థమిచ్చు పేరే పెట్టియున్నారు.

ఖాళీ యనుట కొంతవరకు నిజమే. గత శతాబ్దపు 1950, 1960 సంవత్సరములలో ఆ పల్లెల జనులు పని వెదకికొనుచు మాడ్రిడ్, బార్సెలోనా, వలెన్సియా నగరములకు తరలిపోయిరి. మోలీనా అను ఊరి చుట్టుప్రక్కల నేడు చదరపు కిలోమీటరునకు ఇద్దరు ముగ్గురికి మించి మనుష్యులు లేరు. బాటసారి దినమంతయు సైకిలు త్రొక్కినను ఒక్క ముఖమైనను కనబడకపోవచ్చును. అప్పుడు, ఇది ఎవరిదియు కాని భూమి, ఇచ్చట నేనేమి చేసినను అడుగువారు లేరు అను తలంపు మెల్లగా మనస్సులో ప్రవేశించును.

ఆ తలంపు పొరపాటు. ఆ దారులు తమంతట తాము ఏర్పడినవి కావు. గత శతాబ్దపు తొలి భాగము వరకు కొక్కెపు కఱ్ఱలు పట్టిన పనివారు ఆ చల్లని నీటిలో నిలిచి, నరికిన పైను దుంగలను నది వెంబడి దిగువ ఊళ్లకు నడిపించెడివారు. అట్టి దుంగల తెప్పపనిని 2022లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా ఎంచినది. మరికొందరు పైను చెట్టు బెరడును గీసి, చిన్న కుండ కట్టి, బంక పట్టి, దానివలన టర్పెంటైను తీయు పనికి పంపి జీవించిరి. గొఱ్ఱెలకాపరులైతే శీతకాలమున దక్షిణమునకును, వేసవిలో కొండలకును మందలను తోలుచుండిరి. 1273లో రాజు పదియవ అల్ఫోన్సో ఆ కాపరుల సంఘమునకు హక్కులిచ్చెను. వారి పెద్ద దారుల వెడల్పు సుమారు 75 మీటర్లు. ఆ దారులను కాపాడుటకు స్పెయిన్ 1995లో ఒక చట్టము చేసినది. అందులో ఒక నియమము మాకు మిగుల నచ్చినది. నడచువారును, మోటారు లేని వాహనములపై పోవువారును ఆ దారులను వాడుకొనవచ్చును. అయితే మంద వచ్చినప్పుడు ముందుగా పోవు హక్కు మందదే. సంతోషము కొరకు వచ్చినవాడు ప్రక్కకు తొలగవలెను. జీవనము కొరకు వచ్చినది ముందు సాగవలెను.

మోషే ధర్మశాస్త్రములో ఇట్టి న్యాయమే కనబడుచున్నది. పొరుగువాని ద్రాక్షతోటలో ప్రవేశించినవాడు తృప్తిగా తినవచ్చును, కాని పాత్రలో వేసికొని పోరాదు. పంటచేనిలో చేతితో వెన్నులు త్రుంచుకొనవచ్చును, కాని కొడవలి వేయరాదు. చూడుడి, దేవుడు బాటసారిని తరిమివేయలేదు. అతని ఆకలిని మన్నించెను. అయినను ఆ తోటకు యజమానుడొకడు కలడని, అతడు కంటికి కనబడకపోయినను కలడని, జ్ఞాపకము చేసెను. కనబడని యజమానుని జ్ఞాపకముంచుకొనుటయే బాటసారి నీతి.

ఇక దుఃఖకరమైన సంగతి చెప్పవలసియున్నది. 2005 జూలై 16వ తేదీన గ్వాదలహార జిల్లాలో రీబా దె సాయెలీసెస్ అను పల్లె దగ్గర, ఆదిమానవులు చెక్కిన బొమ్మలు గల లోస్ కసారెస్ గుహ ప్రక్కన, విహారమునకు వచ్చిన ఒక గుంపు మాంసము కాల్చుకొనుటకు నిప్పు రాజేసిరి. వారు సైకిలు యాత్రికులు కారు. కాని వారివలెనే ఆ చోటి చక్కదనమును చూడవచ్చిన అతిథులు. ఆ వేసవిలో వానలు లేక అడవి ఎండియుండెను. ఆ దినమున ఎండ తీవ్రము, గాలి బలము. నిప్పురవ్వలు ఎండుగడ్డిలో పడి అడవికి అంటుకొనెను. మరునాడు మంటలార్పుటకు వెళ్లిన పనివారిలో పదునొకండుగురు గాలి తిరుగగా మంటల నడుమ చిక్కుకొని చనిపోయిరి. దాదాపు 13,000 హెక్టారుల నేల కాలిపోయెను. అదే సంవత్సరము అక్టోబరులో ఆ దేశ ప్రభుత్వము అగ్ని మొదలగు ఆపదలయందు సహాయపడుటకు ఒక ప్రత్యేక సైనికదళము ఏర్పరచినది. అయినను ఆ పదునొకండు ఇండ్లలోని ఖాళీ స్థలము నిండలేదు.

ఆ గుంపులో ఎవరైనను ఒక్క మనుష్యుని చంపవలెనని తలంచిరా? లేదు. భోజనము చేసి సంతోషముగా ఇంటికి పోవలెనని తలంచిరి. అంతకుముందు ఎన్ని వేసవులలో ఎందరు అట్లే నిప్పు రాజేసి, ఏ కీడును కలుగక ఇంటికి మరలిపోయిరో! వారి నిప్పునకును ఈ నిప్పునకును భేదమేమి? గాలి మాత్రమే. గాలి వీచినందున ఒకడు దోషియై, గాలి వీచనందున మరియొకడు నీతిమంతుడగునా? ఈ ప్రశ్న తత్త్వవేత్తలను కలవరపెట్టినది; సాధారణ విశ్వాసి హృదయమును కూడ కలవరపెట్టవలెను.

లేఖనము ఏమి చెప్పుచున్నదో చూతము. అగ్ని ముండ్లకంపలకు అంటుకొని పొరుగువాని పంటకుప్పను గాని పైరును గాని కాల్చినయెడల, నిప్పు అంటించినవాడు ఆ నష్టమును అచ్చుకొనవలెనని నిర్గమకాండము ఆజ్ఞాపించుచున్నది. అతడు కోరి చేసెనా లేదా అని అచ్చట అడుగలేదు. నీ చేతినుండి బయలుదేరినది నీ గట్టు దాటిపోయినను నీదే. క్రొత్త ఇల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ కూడ ఇట్టిదే (ద్వితీయోపదేశకాండము 22:8). ఎవడును ఇంకను పడకమునుపే గోడ కట్టుమని దేవుడు చెప్పుచున్నాడు. కాబట్టి “నేను కోరలేదు” అను మాట చాలదు. కీడు కోరకుండుట ప్రేమలో సగమే. కీడు రాకుండ ముందుగా ఆలోచించుట మిగిలిన సగము.

అయితే ఇచ్చట మరియొక అపాయము కలదు. దోషి దొరికెనని మనము సంతోషించి, మన చేతులు కడుగుకొందుము. సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె ఎక్కువ పాపులా యని ప్రభువు అడిగి, కారని తానే చెప్పి, విన్నవారి మారుమనస్సు వైపునకు ఆ మాటను త్రిప్పెను. మనమును అట్లే అడుగుకొందము. మనము ఆర్పక విడిచిన నిప్పులు ఎన్ని? కోత ముగిసిన పొలములో కొయ్యకాళ్లకు నిప్పంటించి, ప్రక్కచేని వైపు చూడక ఇంటికి వచ్చిన దినములు లేవా? ఒకని గూర్చి అనాలోచితముగా పలికిన మాట ఎవరి కాపురమునకు అంటుకొనెనో మనకు తెలియునా? నాలుక చిన్న నిప్పువంటిదని, పెద్ద అడవిని అది తగులబెట్టునని యాకోబు వ్రాసియున్నాడు (3:5). మన నిప్పు ఆరిపోయినది మన జాగ్రత్తవలన కాదు. ఆ దినమున గాలి వీచకుండ చేసిన దేవుని కనికరము వలన. కనికరము పొందినవాడు గాలికి చిక్కినవానిపై రాయి వేయలేడు. అయితే రేపు అదే విధముగా నిప్పు విడిచి, గాలి వీచదులే యని దేవుని శోధింపనుకూడదు.

అట్లయిన ఆ సైకిలు యాత్రికుడు ఇంటనే కూర్చుండవలెనా? ఎంతమాత్రము కాదు. అతడు వెళ్లవలెను, నదిని చూడవలెను, పైను వాసన పీల్చి దేవుని స్తుతింపవలెను. అయితే ఏర్పరచిన దారి విడువక పోవలెను. మంద వచ్చినప్పుడు దిగి నిలువవలెను. పశువులు తప్పిపోకుండ దాటిన తలుపును మరల మూయవలెను. వేసవిలో నిప్పు ముట్టకుండవలెను. ఆ పల్లెలో మిగిలియున్న అంగడిలో రొట్టె కొని, అచ్చటి వృద్ధులతో రెండు మాటలాడవలెను. ఇవి చిన్న పనులే. అయినను “నీవు కనబడకపోయినను నీవు ఉన్నావని నేనెరుగుదును” అని పొరుగువానితో చెప్పు పనులివి.

ప్రియులారా, మనమందరమును ఈ లోకములో బాటసారులమే. భూమి యెహోవాది, దానిమీద మనకు దారి యిచ్చినది ఆయనే. మన వెనుక వచ్చువాడు మన అడుగుజాడలలో బూడిద చూచునా, పచ్చని చెట్టు చూచునా? ఈ రాత్రి పొయ్యి ఆర్పునప్పుడు, ప్రతి గృహమువారును ఈ ప్రశ్నను ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనవలెనని కోరుచున్నాము. కనబడని పొరుగువానిని ప్రేమించు హృదయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.