లాభము లెక్క, ఋణము లెక్క



వ్యాపారాధిపతుల బాధ్యతను గూర్చి మన సంఘ పత్రికలో వ్రాయుట ఎందుకని కొందరు అడుగవచ్చును. మనలో మిల్లు యజమానులు లేరు, గనుల సొంతదారులు లేరు. నాట్లు వేయువారు, బీడీలు చుట్టువారు, బొగ్గు బాయిలోనికి దిగువారు, నాలుగెకరములు దున్నుకొనువారు మన సంఘములలో కూర్చుండువారు. ఈ మాట కొంతవరకు నిజమే. అయితే కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో మన తాతలలో అనేకులు దొరల గడులలో వెట్టి చేసినవారు. దేశములో వెట్టిచాకిరిని రద్దుచేసిన చట్టము 1976లో గాని రాలేదు. నేడు ఆ తాతల మనుమలలో కొందరు లారీలు నడిపించుచున్నారు, కొందరు లేబరు కంట్రాక్టు పట్టుచున్నారు, కొందరు ఎరువులు విత్తనములు అమ్ముచున్నారు. వెట్టి చేసిన చేతుల సంతానమునకు హాజరు పట్టీ పట్టుకొను దినము వచ్చినది. ఇందును గూర్చి దేవునికి స్తోత్రము. అయినను హాజరు పట్టీ పట్టుకొనినవానిని వాక్యము ఏమి అడుగుచున్నదో మనము విచారింపవలసియున్నది.

మొదట దేశ చట్టము ఏమి అడుగుచున్నదో చూతము. 2013లో వచ్చిన కంపెనీల చట్టములో 135వ సెక్షను ఒకటి కలదు. అయిదువందల కోట్ల నికర ఆస్తిగాని, వెయ్యి కోట్ల వ్యాపారముగాని, అయిదు కోట్ల నికర లాభముగాని గల కంపెనీ, గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో రెండు శాతము ప్రజల మేలు కొరకు వెచ్చింపవలెనని దాని తాత్పర్యము. ఇది 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇది మంచి చట్టమే. దీని వలన బడులకు గదులు, పల్లెలకు మంచినీళ్లు వచ్చిన చోట్లు అనేకములు. ఆ చట్టము క్రింద చేయబడిన నియమములలో మరియొక మాట కూడ ఉన్నది: కంపెనీ తన పనివారి మేలు కొరకు మాత్రమే చేసినది ఈ లెక్కలో చేరదు. అనగా పనివారికి ఇయ్యవలసినది ఇచ్చి దానిని ధర్మమని చెప్పుకొనుటకు వీలులేదు. లోకసంబంధమైన చట్టమైనను ఈ చోట వేదాంతుల కంటె స్పష్టముగా పలికినదని మేము తలంచుచున్నాము.

అయితే అదే 2014 సెప్టెంబరులో కాగజ్‌నగరులో ఏమి జరిగినదో మనవారికి తెలియును. నిజాం కాలమున 1938లో స్థాపింపబడి, 1942లో కాగితము చేయ మొదలుపెట్టిన సిర్పూరు పేపరు మిల్లు ఆగిపోయినది. కొత్తపేట అను పల్లె ఆ మిల్లు వలననే కాగజ్‌నగరు ఆయెను. పేరు సహితము మిల్లు ఇచ్చినదే. ఆ మిల్లు సైరను విని జనులు లేచి, ఆ సైరను విని వంట పొయ్యి ముట్టించిరి. దాని ప్రక్కనే యున్న సిర్‌సిల్కు కర్మాగారము 1985లోనే మూతబడెను. ఇప్పుడు మిల్లు కూడ ఆగగా, కూలి దొరకు చోటు వెదకుకొనుచు ఇండ్లకు తాళములు వేసి పోయిన కుటుంబములు ఎన్నో. 2018లో జె.కె. పేపరు సంస్థ దానిని తీసికొనిన తరువాత, ప్రభుత్వ రాయితీల సహాయముతో యంత్రములు మరల తిరిగినవి. నడుమ సుమారు నాలుగేండ్లు గడచినవి. రామగుండములో బొగ్గుతో నడిచిన ఎరువుల కర్మాగారపు కథయు ఇట్టిదే: 1980లో ఉత్పత్తి మొదలు, 1999లో మూత, దాని స్థలములో గ్యాసుతో నడుచు క్రొత్తది 2021లో గాని యూరియా ఇయ్యలేదు.

మేము చెప్పదలచినది ఇది. మూడేండ్ల సగటున లాభమే లేనప్పుడు రెండు శాతమనగా సున్నయే. కంపెనీ మునుగుచున్నప్పుడు, జీతము బాకీ పడినప్పుడు, ఊరు ఊరంతయు గేటువైపు చూచుచున్నప్పుడు, ఆ చట్టము అడుగునది ఏమియు లేదు. బాధ్యత మిక్కిలి కావలసిన దినమున లాభములో వంతు అను లెక్క పనికిరాదు. కాబట్టి బాధ్యత లాభమునకు తోకవలె కట్టబడినది కాజాలదు. అది వేరొక లెక్క పుస్తకములో ఉండవలెను.

ఆ రెండు పుస్తకములను జక్కయ్య ఎరిగియుండెను. లూకా సువార్త 19వ అధ్యాయము తీసి చూడుడి. తన ఆస్తిలో సగము బీదలకిచ్చెదనని ఆయన ప్రభువుతో పలికెను. మనమైతే అక్కడనే చప్పట్లు కొట్టి, శాలువ కప్పి, పంపివేసియుందుము. జక్కయ్య అక్కడ ఆగలేదు. అన్యాయముగా ఎవనియొద్దనైనను తీసికొనియుంటే నాలుగంతలు తిరిగి చెల్లింతునని రెండవ మాట పలికెను. మొదటిది దానము. రెండవది ఋణము. సగము ఆస్తి దానము చేసినను రెండవ లెక్కలో పైసయైనను కొట్టివేయబడలేదు. బీదలు ఒకరు, మోసపోయినవారు వేరొకరు. వానియొద్ద తీసి వీనికిచ్చిన మాత్రమున వాని అప్పు తీరదు. వేసవిలో నాలుగు బాటల కూడలిలో చలివేంద్రము పెట్టి, వానకాలపు వడ్లు వచ్చినప్పుడు తాలు అనియు తేమ అనియు బస్తాకు కిలోల కొలది తరుగు తీయు మిల్లరును మనమెరుగుదుము. చల్లని నీళ్లు త్రాగినవాడు బాటసారి. తరుగు పోయినవాడు రైతు. తప్పుడు త్రాసును దేవుడు అసహ్యించుకొనునని సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటనే చెప్పుచున్నది. చలివేంద్రము పెట్టినయెడల ఫరవాలేదని దానిలో ఎక్కడను లేదు.

ఇక గుంటలను గూర్చి. నిర్గమకాండము 21వ అధ్యాయము 33, 34 వచనములను మనము ప్రసంగములలో అరుదుగా వినుచున్నాము. ఒకడు గుంట త్రవ్వి దానిని కప్పక విడిచినయెడల, అందులో ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినచో, గుంట త్రవ్వినవాడే దాని వెల ఇచ్చుకొనవలెను. ఎద్దు అటువైపు ఎందుకు పోయినదని ధర్మశాస్త్రము అడుగలేదు. కరీంనగరు చుట్టు గుట్టలు ఎట్లుండెనో, ఇప్పుడెట్లున్నవో పెద్దవారు చెప్పగలరు. ట్యాన్ బ్రౌను అను పేరుతో మన గుట్టల రాయి ఓడలెక్కి పరదేశములకు పోయి, అక్కడి భవనములలో అద్దమువలె మెరయుచున్నది. రాయి పోయిన చోట గుంట మిగిలినది. వానలకు అది నిండును. మేకలు కాయు పిల్లలు ఈతకు దిగుదురు. ఆ గుంటకు కంచె వేయుట, దానిని పూడ్చుట, ధర్మకార్యమని ఫ్లెక్సీ కట్టి చేయవలసిన పనియా? మోషే దానిని అప్పు క్రింద వ్రాసెను. బొగ్గు గనుల విషయములో మన దేశము కొంత మేలుకొనినది: 2009 నుండి ప్రతి గని మూసివేతకు ముందే ప్రణాళిక వ్రాసి, ఏటేట సొమ్ము ప్రత్యేక ఖాతాలో వేయవలెనను నియమము కలదు. 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి వలన గనుల ప్రక్కనున్న ఊళ్లకు కొంత సొమ్ము రావలసియున్నది. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల నీడలో నివసించు సంఘస్థులు, ఆ నిధి తమ ఊరికి ఎంత వచ్చినదని గ్రామసభలో లేచి అడుగుట పాపము కాదు.

దేవుడు పిట్ట గూటిని గూర్చి కూడ ఆజ్ఞ ఇచ్చెను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, గూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని చెప్పబడినది. తల్లి మిగిలినయెడల మరుసటి ఏడు మరల గూడుండును. 1987లో ఐక్యరాజ్య సమితి నియమించిన సంఘము, రాబోవు తరముల అక్కరలకు లోటు రాకుండ నేటి అక్కరలు తీర్చుకొనుటయే నిజమైన అభివృద్ధి అని పలుకగా లోకమంతయు ఆశ్చర్యపడెను. మోషే ధర్మశాస్త్రము అదే సంగతిని ఒక పిట్టను చూపి చెప్పియుండెను. మన ఆదిలాబాదు అడవిలో వెదురు పొదను ఎరిగినవారికి ఇది ఇంకను సులభము. పొదలో ఈ యేటి పిలకలను, నిరుటి బొంగులను విడిచి, ముదిరినవాటిని మాత్రమే కొట్టినయెడల పొద బ్రతుకును. అన్నియు కొట్టినచో క్రొత్త పిలకలకు ఆధారముండదు, పొద చచ్చును. మేదరులకు, కొలాములకు ఇది తాతలనాటి తెలివి. కాగితపు మిల్లు దశాబ్దముల పాటు ఆ అడవి వెదురుతోనే నడిచినది. తరువాతి కాలమున రైతులు పొలములలో పెంచిన సుబాబులు, నీలగిరి కర్రమీద ఆధారపడవలసి వచ్చినది. కాగితము మనకు అక్కరలేదా? ఈ పత్రిక సహితము కాగితమే గదా. మేము వ్యాపారమును నిందించుట లేదు. పిల్లలను తీసికొనవచ్చునని దేవుడే సెలవిచ్చెను. తల్లిని కూడ పట్టుకొనువానితోనే వాక్యమునకు వ్యాజ్యము.

వాక్యములో మంచి యజమానుడు లేడా యని అడుగువారికి రూతు గ్రంథము రెండవ అధ్యాయమున్నది. బోయజు పొలమునకు వచ్చి మొదట కోతగాండ్రకు దేవుని నామమున శుభము పలికెను, విచారణ తరువాత. పరదేశి స్త్రీని ఎవడును ముట్టకూడదని పనివారికి ఆజ్ఞాపించెను. దాహమైనప్పుడు వారు చేదిన నీళ్లు త్రాగుమని ఆమెతో చెప్పెను. భోజన వేళ పంక్తిలో చోటు ఇచ్చెను. పనలలోనుండి కొన్ని వెన్నులను కావలెననియే జారవిడువుడని పనివారికి రహస్యముగా చెప్పెను. స్త్రీకి భద్రత, మంచినీరు, అన్నము, గౌరవము, ఇవి నేడు ఎన్ని పని స్థలములలో ఉన్నవి? మరియు పరిగె అనునది లాభము లెక్కించిన తరువాత తీసిన వంతు కాదు. లేవీయకాండము 19వ అధ్యాయము చొప్పున పొలపు అంచు కోయబడనే లేదు, ఆ వెన్ను యజమానుని లెక్కలోనికి రానే లేదు. (కోత యంత్రములు వచ్చిన తరువాత మన పల్లెలలో పరిగె మాటయే పిల్లలకు తెలియకుండ పోవుచున్నది. దాని స్థానములో విధవరాండ్రకు ఏమి మిగిలినదో ఎవరును లెక్కింపలేదు.)

సింగరేణిని గూర్చి చెప్పకుండ ఈ సంగతి ముగింపజాలము. అది ప్రభుత్వ సంస్థ. రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 శాతము వాటా. కాబట్టి దానికి యజమానులు ఒక విధముగా మనమే. లాభములో పనివారికి వాటా ఇయ్యు ఆచారము దానిలో ఏండ్ల తరబడి కలదు. 2024లో ఆ వాటా 33 శాతము. ఒక్కొక్క పర్మనెంటు కార్మికునికి సగటున లక్షా తొంబది వేల రూపాయలు. దేశములో ఇట్టిది అరుదు, మెచ్చుకొనదగినది. ఆ సంవత్సరమే మొట్టమొదటిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడ వాటా దొరకినది: తలకు అయిదు వేలు. మొదటిసారి తలంచినందుకు సంతోషమే. అయినను ఒకే దుమ్ము పీల్చి, ఒకే షిఫ్టు దిగి వచ్చిన ఇద్దరిలో ఒకని చేతిలో లక్షాతొంబది, మరియొకని చేతిలో అయిదు. మత్తయి 20వ అధ్యాయములో సాయంకాలము వచ్చినవానికి సహితము యజమానుడు సమముగా ఇచ్చెను. ఆ ఉపమానము పరలోక రాజ్యమును గూర్చినది, దానినుండి వేతన ఒప్పందము వ్రాయుటకు మేము సాహసింపము. కాని ఈ కాంట్రాక్టు సహోదరుడు సాయంకాలము వచ్చినవాడు కూడ కాడు గదా. అతడు ఉదయమునుండియే ద్రాక్షతోటలో ఉన్నాడు.

దూరపు చేతిని మరచుట భక్తిపరులకు కూడ సాధ్యమే. ఇంగ్లండులో కాడ్బరీ కుటుంబము క్వేకరు విశ్వాసులు. 1879లో తమ చాక్లెటు కర్మాగారమును బర్మింగ్‌హామ్ నడిబొడ్డునుండి తీసివేసి బోర్న్‌విల్ అను చోట కట్టి, తరువాత అక్కడ తోటలతో కూడిన ఇండ్లను నిర్మించిరి. లోకము వారిని మాదిరిగా చూచెను. అయితే వారు కొనుచున్న కోకో గింజలలో పెద్ద భాగము పోర్చుగీసువారి సావో టోమే ద్వీపమునుండి వచ్చెను. అక్కడ అంగోలానుండి తెచ్చిన జనులచేత దాస్యములో పని చేయించుచుండిరి. 1901లో ఆ వార్త వారి చెవినిబడినది. విచారణలు జరుగుచు, కొనుట మానుటకు 1909 వచ్చెను. ఎదుటనున్న పనివానికి తోట ఇచ్చినవారే కనబడని పనివాని కొరకు ఎనిమిదేండ్లు తీసికొనిరి. మన కంట్రాక్టరు క్రింద ముఠా మేస్త్రి, మేస్త్రి క్రింద ఒడిశానుండి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబము. ఆ కుటుంబపు లెక్క ఎవరి పుస్తకములో ఉన్నది?

ఇప్పుడు సంఘ పెద్దలు ఎదుర్కొను ప్రశ్నకు వత్తుము. గుడి కట్టునప్పుడు ఒక కంట్రాక్టరు సిమెంటు బస్తాలు తెచ్చును. చలువరాతి మీద ఆయన పేరు చెక్కింతుము. వెనుక చాపమీద కూర్చున్న విధవరాలికి ఆయన మూడు వారముల కూలి బాకీయున్నాడు. కొందరు, ఆ సిమెంటును త్రోసివేయవలెనందురు. మరికొందరు, దేవుని పనికి వచ్చినదానిని మనమెట్లు విచారింతుమందురు. యూదా తెచ్చి పారవేసిన వెండిని కానుక పెట్టెలో వేయకూడదని ప్రధాన యాజకులకు ధర్మశాస్త్రము జ్ఞాపకము వచ్చినది. దానిని ఎందుకు ఇచ్చితిమో అను సంగతి జ్ఞాపకము రాలేదు. అట్టి శుద్ధి మనకు వద్దు. ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో మూడవ మార్గము చూపెను: సహోదరునికి నీమీద ఏదైన ఉన్నదని తోచినయెడల కానుకను బలిపీఠము ఎదుటనే ఉంచి, ముందు పోయి అతనితో సమాధానపడి, పిమ్మట వచ్చి అర్పింపవలెను. కానుక త్రోసివేయబడలేదు. అది అక్కడనే వేచియున్నది.

కాబట్టి బస్తాలు గుడి ఆవరణలో దింపించుడి, వానకు తడవకుండ తాటిపత్రి కప్పుడి. రాయి చెక్కువానికి బయానా ఇయ్యకముందు, పెద్దలలో ఇద్దరు ఆ సహోదరుని ఇంటికి పోయి, నలుగురిలో కాక ఆయనతో ఏకాంతముగా కూర్చుండి, కూలి బాకీలు ఎవరెవరికి ఎంతయున్నవో ప్రేమతో అడుగుడి. సాధ్యమైనచో ప్రొద్దు గ్రుంకకముందే పోవుడి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో కూలి చెల్లింపునకు ఆ గడువే వ్రాయబడినది.