హెచ్చరిక పుత్రుడును ఆటల మాస్టరును

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 9:26-28, 11:22-26, 13:13, 15:36-41



మన సంఘములలో ఆదివారమున కాపరుల నిమిత్తమును, బడి పంతుళ్ల నిమిత్తమును, వైద్యుల నిమిత్తమును, నర్సుల నిమిత్తమును ప్రార్థించుచున్నాము. మెడలో విజిలు వేసికొని తెల్లవారుజామున మైదానములో నిలువబడు వానినిగూర్చి ప్రార్థించుట అరుదు. అయితే లెక్క చూడుడి. సండేస్కూలు ఉపాధ్యాయునికి వారమునకు ఒక గంట చిక్కును. ఆటల మాస్టరుకు అనేక స్థలములలో దినమునకు రెండు గంటలు చిక్కును. అవియును పిల్లవాడు అలసి, ఆకలిగొని, ఓడిపోయి, కోపముతో నిండియున్న గంటలు. అట్టి గంటలో చెవినిపడిన మాట ముప్పది యేండ్లైనను మరపునకు రాదు. అది దీవెనయైనను సరే, తిట్టయినను సరే.

క్రీడాకారులకు ప్రసంగింప వచ్చినవారు సాధారణముగా మొదటి కొరింథీయులకు 9వ అధ్యాయమునే తెరచుదురు. పందెపు రంగమునుగూర్చియు, ఆశానిగ్రహమునుగూర్చియు పౌలు అచ్చట వ్రాసెను. మంచి భాగమే. కాని అది పరుగెత్తువానికి చెప్పిన సంగతి. పరుగెత్తించువానికి ఏ భాగము తెరువవలెను? నన్నడిగినయెడల బర్నబా చరిత్రను తెరువుమందును.

ఇతని అసలు పేరు యోసేపు. కుప్ర ద్వీపమున పుట్టిన లేవీయుడు. అపొస్తలులు అతనికి బర్నబా అని పేరు పెట్టిరి. మన తెలుగు బైబిలులో ఆ పేరునకు హెచ్చరిక పుత్రుడని అర్థము వ్రాయబడియున్నది. ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. నేడు హెచ్చరిక అనగానే మనకు బెదిరింపు తోచును. అనువాదకులు ఉద్దేశించినది అది కాదు. ప్రక్కన నిలిచి ధైర్యము చెప్పుట, ఆదరించుట, ముందుకు నడుచునట్లు పురికొల్పుట, ఇది ఆ గ్రీకు మాటలోని భావము. మన మైదానములలో హెచ్చరిక పుత్రులకు కొదువ లేదు. కాని వారిలో అనేకులు ఈ కాలపు అర్థముననే హెచ్చరిక పుత్రులు!

సౌలు మారుమనస్సు పొంది యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులందరు అతనికి భయపడిరి. నిన్నటివరకు సంఘమును హింసించినవానిని ఎవడు నమ్మును? బర్నబా అతనిని చేరదీసి అపొస్తలులయొద్దకు తోడుకొనిపోయెను. అటుతరువాత అంతియొకయలో పని విస్తరించగా, తానే తార్సునకు ప్రయాణము చేసి సౌలును వెదకి తెచ్చెను. తనకంటె అధికుడగువానిని తెచ్చుచున్నానని అతనికి తెలియదనుకొందురా? లూకా ఆ పేర్లు వ్రాసిన వరుస చూడుడి. మొదట బర్నబాయు సౌలును. కుప్ర దాటి పెర్గే చేరునప్పటికి పౌలును అతనితోకూడ ఉన్నవారును. అక్కడనుండి తరచుగా పౌలును బర్నబాయు. పేరు వెనుకకు జరిగినందుకు బర్నబా సణిగినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.

ఈ గుణము ఆటస్థలమున ఎట్లుండునో చూపుటకు జేమ్స్ నైస్మిత్ జీవితము తగియున్నది. ఆయన 1861లో కెనడా దేశమున పుట్టి, బాల్యముననే తలిదండ్రులను పోగొట్టుకొని, మాంట్రియలులో ప్రెస్బిటేరియను కళాశాలయందు వేదాంతవిద్య ముగించెను. ప్రసంగవేదిక ఎక్కవలసినవాడు వ్యాయామశాలకు పోయెను. యౌవనులను దేవునికొరకు గెలుచుటకు ఆటయు ఒక మార్గమని ఆయన నమ్మకము. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరపు వై. ఎం. సి. ఏ. శిక్షణాలయములో, చలికాలమున గదిలోపల ఆడదగిన క్రొత్త ఆట కావలెనని పై అధికారి కోరి, రెండు వారములు గడువిచ్చెను. నైస్మిత్ రెండు పీచుపండ్ల బుట్టలను పైఅంతస్తు పిట్టగోడలకు కొట్టించి, 13 నియమములు వ్రాసి, బాస్కెట్‌బాలును పుట్టించెను. బంతి పట్టుకొని పరుగెత్తరాదనియు, భుజముతో నెట్టరాదనియు, కాలు అడ్డుపెట్టరాదనియు ఆ నియమములలో ఉన్నది. బలవంతుడు బలహీనుని త్రొక్కకుండ చేయుటకే ఆయన చూచెను.

1898లో ఆయన కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు పోయి, ప్రార్థనాలయపు పనియు వ్యాయామశాల పనియు చేపట్టెను. 1907 వరకు అచ్చటి బాస్కెట్‌బాలు జట్టును నడిపెను. గెలిచిన ఆటలు 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయపు జట్టు శిక్షకులందరిలో గెలుపులకంటె ఓటములు ఎక్కువగా నున్నవాడు, ఆటను కనిపెట్టిన ఈయన ఒక్కడే! ఆయన తరువాత జట్టును చేపట్టినవాడు ఆయన శిష్యుడు ఫాగ్ అల్లెన్. ఇతడు అచ్చట 590 ఆటలు గెలిపించెను. నేడు అచ్చటి క్రీడాభవనమునకు అల్లెన్ పేరున్నది. ఆ భవనములోని ఆటనేలకు నైస్మిత్ పేరున్నది. పైకప్పు శిష్యునిది, పాదములక్రింది నేల గురువుది. బర్నబా చూచిన సంతోషించును.

ఇంకొక శిష్యుడున్నాడు. 1933లో జాన్ మెక్‌లెండన్ అను నల్లజాతి యువకుడు అదే విశ్వవిద్యాలయమున చేరెను. చర్మపు రంగునుబట్టి జట్టులో అతనికి చోటు లేదు. అది అన్యాయము, దానిని మెత్తని మాటలతో కప్పనక్కరలేదు. ఆ తలుపు నైస్మిత్ కాలములో తెరువబడలేదు. అయితే వృద్ధుడైన ఆ గురువు ఆ యువకుని తన తరగతిలో చేర్చుకొని, సలహాదారుడై, తనకు తెలిసిన విద్యయంతయు నేర్పెను. మైదానములో కాలుమోపనియ్యబడని ఆ శిష్యుడు శిక్షకుడాయెను. 1944 మార్చి 12న, వేర్పాటు చట్టములు అమలులోనున్న డర్హమ్ పట్టణమున, అతని నల్లజాతి కళాశాల జట్టును డ్యూక్ వైద్యకళాశాల తెల్లవారి జట్టును తలుపులు మూసికొని రహస్యముగా ఆడెను. మెక్‌లెండన్ జట్టు 88-44తో గెలిచెను. పిమ్మట వారు రెండు జట్లను కలిపివేసి మరియొక ఆట ఆడిరి. అది ఆదివారము ఉదయము. పట్టణస్థులలో అనేకులు ఆరాధనకు పోయియుండిరి. రంగునుబట్టి వేరైన మందిరములలో జనులు కీర్తనలు పాడుచుండగా, తాళము వేసిన గదిలో ఆ పిల్లలు కలిసి ఆడుచుండిరి. ఆ దినమున ఎఫెసీయులకు 2:14లోని మధ్యగోడ ఎక్కడ కూలెనో చదువరులే ఆలోచింపుడు. ఇదే మెక్‌లెండన్ 1957, 1958, 1959లలో వరుసగా మూడు జాతీయ విజయములు తన టెన్నెసీ కళాశాల జట్టునకు సంపాదించి పెట్టెను. నైస్మిత్ 1939లోనే ప్రభువునందు నిద్రించెను. వీటిలో ఒక్కటియు కన్నులార చూడలేదు.

ఆ స్ప్రింగ్‌ఫీల్డు దీపము మన దేశమునకును వచ్చినది. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ దొర 1920లో మద్రాసున వై. ఎం. సి. ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టును నడిపించినవాడును ఆయనే. మన డ్రిల్లు మాస్టర్లలో ఎందరో ఆ విద్యాలయమున తరిఫీదు పొంది వచ్చిరి. కావున ఇది మనకు పరాయి కథ కాదు.

ఇప్పుడు కష్టమైన భాగమునకు వత్తము. మార్కు అను యోహాను మొదటి ప్రయాణములో పెర్గేలో జట్టును విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుకో లూకా చెప్పలేదు. ఇంటిమీద బెంగయా, ముందున్న కొండదారుల భయమా, మనకు తెలియదు. రెండవ ప్రయాణమున బర్నబా అతనిని మరల తీసికొనిపోదమనగా పౌలు ఒప్పుకొనలేదు. వాదము ముదిరి ఇద్దరును వేరైపోయిరి. పౌలును నిందింపవలదు. నడిమధ్య విడిచిపోయినవానిని నమ్మి దూరప్రయాణము చేయుట ఎట్లు? టోర్నమెంటుకు జట్టును ఎంచువానికి ఈ బాధ తెలియును. క్యాంపునుండి రాత్రివేళ బస్సెక్కి ఇంటికి పారిపోయిన పిల్లవానిని మరుసటి యేడు ఎట్లు చేర్చుకొందురు? మిగిలిన పదకొండుగురికి ఏమి సమాధానము చెప్పుదురు?

అయితే బర్నబా చేసినది చూడుడి. మార్కును తీసికొని కుప్రకు ఓడయెక్కెను. కుప్ర అతని సొంత ఊరు. మార్కు మొదటి ప్రయాణములో తప్పిపోకుండ నిలిచిన స్థలము. బెదిరిపోయినవానిని తిరిగి పెర్గే కొండలకు ఈడ్వలేదు. నిలిచినచోటనుండి మరల మొదలుపెట్టించెను. వ్యాయామ విద్య నేర్చినవారు దీనికి పెద్ద పేర్లు పెట్టుదురు గాని, కాలు బెణికినవానిని మొదట చదునైన నేలమీద నడిపింపవలెనని ఏ కబడ్డీ మాస్టరుకైనను తెలియును. మనస్సు బెణికినవానికి మాత్రము ఆ పాటి ఓర్పు ఎందుకు చూపకపోవుదుము?

మన మైదానములలో విశ్వాసము పరీక్షింపబడుచోట్లు వేరే ఉన్నవి. ఆట మొదలుకాకముందు జట్టును చుట్టు నిలువబెట్టి ప్రార్థించుట సులభము. ఎదుటి జట్టులోను ప్రార్థించు పిల్లలుందురు. మీ జట్టులోనే వేరు మతముల పిల్లలుందురు. ఆటలో చోటు పోవునేమోయని వారు తల వంచినయెడల, ఆ ప్రార్థన ఎవరికి మహిమ? ప్రార్థన ముగించి వయస్సు తగ్గించి వ్రాసిన పత్రముమీద సంతకము చేయు చేయి ఏ చేయి? పదునేడేండ్లవానిని పదునాలుగేండ్లవాడని చూపి గెలిచిన కప్పు బడి అలమరలో మెరయును. ఆ దినమున నిజముగా పదునాలుగేండ్లున్న పిల్లవాడొకడు బల్లమీద కూర్చుండి చూచుచుండును. అబద్ధమునకు ఆ జట్టంతయు సాక్షి. క్రీడాకోటాలో సీటుకొరకు సర్టిఫికెట్టు అడుగవచ్చిన పెద్దమనుష్యుని త్రోసిపుచ్చుటయు ఇట్టి పరీక్షయే. ఆయన మన సంఘపు పెద్దయైనయెడల మరింత కఠినము.

ఆడపిల్లలను ఊరూర తీసికొనిపోవు మాస్టర్లకు ఒక మాట. తలిదండ్రులు నమ్మి అప్పగించిన బిడ్డలు వారు. 2012లో మన దేశము పిల్లల రక్షణకు పోక్సో చట్టము చేసినది. కాని తలుపు మూసిన గదిలో ఒంటరి పిల్లతో ఉండరాదని తెలిసికొనుటకు క్రైస్తవునికి చట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు. స్త్రీ ఉపాధ్యాయిని తోడులేనిదే ప్రయాణము పెట్టుకొనకుడి. ఈ సంగతిలో మొగమాటమునకు చోటియ్యకుడి.

ఇక మార్కునుగూర్చి. ఏండ్లు గడచిన తరువాత పౌలు బంధకములలోనుండి కొలొస్సయులకు వ్రాసినప్పుడు మార్కు అతని ప్రక్కనే ఉన్నాడు. ఆ సంఘమునకు అతనిని బర్నబా బంధువని పౌలే పరిచయము చేసెను. అంతిమ దినములలో తిమోతికి వ్రాయుచు, మార్కు తన పనికి అక్కరకు వచ్చువాడు గనుక వెంటబెట్టుకొని రమ్మని కోరెను. రెండవ సువార్తకు సంఘము అతని పేరే పెట్టి పిలిచినది. బర్నబా మాట ఏమి? కుప్రకు ఓడయెక్కిన తరువాత అపొస్తలుల కార్యములలో అతడు మరల కనబడడు. లూకా పౌలు వెంట నడచిపోయెను. ఆ ద్వీపమున వారిద్దరు ఎట్టి దారుల నడచిరో, ఆ పడుచువాడు ఎన్ని దినములకు తల యెత్తెనో, ఎవరును వ్రాసిపెట్టలేదు.