మూడు షరతుల నడక

పొలం దారి తగాదా చూడని తెలుగు పల్లె ఉండదు. "మా తాత కాలం నుంచి ఇటే నడుస్తున్నాం, ఇప్పుడొచ్చి ముళ్ళకంప కొడితే ఎలా?" అని ఒకరంటారు. "నా పట్టా భూమిలో నీకు దారేంటి?" అని ఇంకొకరు. పెద్దమనుషుల దగ్గర తెగకపోతే కోర్టుకెక్కుతారు. అక్కడ ప్లీడరు ముందుగా అడిగేది ఎన్నేళ్ళుగా నడుస్తున్నారని. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం 20 ఏళ్ళపాటు గొడవ లేకుండా, బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద హక్కు పుడుతుంది.

ఇంగ్లండులోనూ లెక్క దాదాపు ఇదే. జనం 20 ఏళ్ళు నడిచిన బాటను ప్రజల దారిగా భావించాలని 1980 నాటి హైవేస్ చట్టం చెబుతుంది. అలా ప్రజల దారిగా వదిలే ఉద్దేశం తనకు లేదని భూయజమాని చూపించుకోగలిగితే వేరే సంగతి. ఆ నడక ఎలా ఉండాలన్నదానికి అక్కడి కోర్టులు మూడు షరతులు పెట్టాయి. జబర్దస్తీగా నడవకూడదు. దొంగచాటుగా నడవకూడదు. అనుమతి తీసుకుని నడవకూడదు.

మొదటి రెండూ ఎవరికైనా అర్థమవుతాయి. మూడోదే తికమక పెడుతుంది. అడిగి నడిస్తే తప్పేంటి? తప్పేమీ లేదు, హక్కు పుట్టదు, అంతే. "పోనీలే, నడుచుకో" అన్న మనిషి రేపు "ఇక చాలు" అనగలడు. ఇంగ్లండు పల్లెల్లో కొన్ని బాటల మొదట్లో ఇది యజమాని దయతో వదిలిన దారి అని చిన్న బోర్డు ఉంటుంది. కొన్ని చోట్ల ఆ దయ సంగతి ఎవరూ మరిచిపోకుండా ఏడాదికి ఒక రోజు గేటు మూసేస్తారు కూడా.

ఈ మూడు షరతులూ నాకు బోధపడింది డార్బీషైర్ కొండల్లో. గే ఔట్‌డోర్ క్లబ్ అని బ్రిటన్‌లో 1970ల నుంచీ ఒక సంఘం ఉంది. జీతాలు తీసుకునేవాళ్ళెవరూ ఉండరు. సభ్యుల్లోనే ఎవరో ఒకరు దారి చూసిపెట్టుకుని, ఫలానా ఆదివారం ఫలానా స్టేషన్ దగ్గర కలుద్దాం, ఇన్ని మైళ్ళు, ఇంత ఎక్కుడు, భోజనం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి అని చెబుతారు. వచ్చినవాళ్ళు వస్తారు. షెఫీల్డులో ఉద్యోగం చేసుకునే నేనూ వాళ్ళలో ఒకడిని.

హాథర్‌సేజ్ స్టేషన్లో దిగి స్టానేజ్ ఎడ్జ్ మీదికి నడిచే రోజునే తీసుకోండి. లీడరు ముందు తలలు లెక్కపెడతాడు. చివర నడవడానికి ఒకరిని పెడతాడు, ఆ మనిషిని దాటి ఎవరూ వెనకబడకూడదు. ఊరు దాటగానే రాతిగోడల మధ్య పచ్చిక బీళ్ళు, గొర్రెలు. గోడ అడ్డం వచ్చిన చోటల్లా అటూ ఇటూ రెండు మూడు మెట్లు ఉంటాయి. ఒక్కొక్కరే ఎక్కి దిగాలి. దాంతో అప్పటిదాకా కలిసి నడిచిన ఇద్దరూ విడిపోతారు, అవతల దిగేసరికి పక్కన ఇంకొకరుంటారు. మాట మారుతుంది. మధ్యాహ్నానికి అందరూ అందరితోనూ మాట్లాడినట్టే. ఆ వరస ఎవరూ నిర్ణయించింది కాదు, ఏ కాలపు రైతులో గొర్రెలు దాటకుండా కట్టుకున్న గోడలు చేసిన పని.

శిఖరం అంచు కింద, ఎప్పుడో చెక్కి అక్కడే వదిలేసిన తిరగలి రాళ్ళు పడి ఉంటాయి. ఒకసారి వాటి మీద కూర్చుని తింటుండగా, రిటైరైన ఒక పెద్దాయన థర్మాస్ మూతలో టీ పోసుకుంటూ బాధపడ్డాడు: "ఇంట్లో బాయిలర్ పాడైంది. మెకానిక్‌ని పిలవమని మా ఆయనకి మూడు రోజులుగా చెబుతున్నా, పిలవడు." పక్కనున్నాయన ఏ కంపెనీ బాయిలరని అడిగాడు. ఇక అరగంట బాయిలర్ల మీదే చర్చ. "మా ఆయన" అన్న మాట దగ్గర ఎవరి చెయ్యీ ఆగలేదు, ఎవరూ తలెత్తలేదు. నాకు మాత్రం ఆ పూట బాయిలర్ సంగతి ఒక్క ముక్క కూడా ఎక్కలేదు.

"నడవడానికి ప్రత్యేకంగా గే క్లబ్బెందుకు? కొండ ఎవరైనా ఎక్కొచ్చు కదా?" అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. మామూలు నడక సంఘాల్లో ఎవరూ ఎవరినీ గెంటేయరు. అయితే పరాయివాళ్ళ పక్కన నాలుగు మైళ్ళు నడిస్తే ఇంటి సంగతులు రాక తప్పవు. మీ ఆవిడ ఏం చేస్తారు, పిల్లలెంతమంది, నిన్న రాత్రి సినిమాకి ఎవరితో వెళ్ళారు. మనవాళ్ళ ఉగాది విందులోనైతే "ఇంకా పెళ్ళి చేసుకోలేదేం?" అన్నది పచ్చడి కంటే ముందు వడ్డిస్తారు. అడిగేవాళ్ళది ఆప్యాయతే. ఆ ఆప్యాయతకి జవాబు వెతుక్కునేవాడు మాత్రం ప్రతి వాక్యాన్నీ నోటిదాకా రానిచ్చి, ఒకసారి తడిమి చూసి బయటికి వదలాలి. నిజం చెబితే సంభాషణంతా తన మీదికి తిరుగుతుంది. చెప్పకపోతే అబద్ధం ఒకటి వెంట నడుస్తుంది. చిన్న బరువే. కానీ రోజంతా మోసేవాడికి అది చిన్నదని చెప్పకండి. క్లబ్బు నడకలో దొరికేది ఆ బరువు దించుకునే వీలు. అక్కడికి వెళ్ళి గే గురించి మాట్లాడుకుంటామనుకుంటారు చాలామంది. దాని గురించి మాట్లాడాల్సిన పని లేని చోటు అదొక్కటే.

చట్టం ఒకప్పుడు ఇచ్చిన చోటు వేరు. ఇంగ్లండు, వేల్సుల్లో 1967 చట్టం మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసింది కానీ ఇద్దరికీ 21 ఏళ్ళు నిండాలంది, ఏకాంతంలో అయి ఉండాలంది. మూడో మనిషి ఉంటే ఏకాంతం కాదంది. అంటే ఒక గది ఇచ్చి, తలుపేసుకోమంది. స్కాట్లండుకు 1981 దాకా, ఉత్తర ఐర్లండుకు 1982 దాకా ఆ గది కూడా లేదు. అలాంటి దశాబ్దంలో కొందరు, ఇచ్చిన గది వదిలేసి, ఆదివారం పూట గుంపుగా బయలుదేరి గాలీ వానా కొట్టే కొండమీద నడవడం మొదలుపెట్టారు. నినాదాల్లేవు, జెండాల్లేవు. మనుషులు ఆరుబయట కలిసి కనిపించడమే వాళ్ళు చేసింది. నా దృష్టిలో చట్టానికి అంతకంటే మర్యాదైన జవాబు లేదు.

వాళ్ళకంటే ముందూ ఒకాయన ఉన్నాడు. షెఫీల్డుకు దగ్గర్లోని మిల్‌థోర్ప్ అనే పల్లెలో రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్ 1883 నుంచి కాపురమున్నాడు. కూరగాయలు పండించాడు. మిత్రుడొకరు కాశ్మీరు నుంచి పంపిన చెప్పుల జతను చూసి తనే చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు. ఆయన పుస్తకాన్ని గాంధీ 'హింద్ స్వరాజ్'లో ప్రస్తావించాడు. షెఫీల్డు మురికివాడలో పుట్టిన జార్జ్ మెరిల్ 1898లో ఆయన ఇంటికి వచ్చి ఉండిపోయాడు. రచయిత ఆస్కార్ వైల్డ్‌ని మగవాళ్ళతో సంబంధాలున్నాయని జైలుకు పంపి అప్పటికి మూడేళ్ళే. అయినా వాళ్ళిద్దరూ దాక్కోలేదు, ఎవరినీ అడగలేదు, ఎవరి మీదా తిరగబడలేదు. ఒకడు వాళ్ళ మీద కరపత్రాలు పంచినా కదల్లేదు. ముప్ఫై ఏళ్ళు కలిసి బతికి ఒకే సమాధిలో ఉన్నారు. కోర్టులు చెప్పిన మూడు షరతులూ ఆ కాపురానికి సరిపోతాయి.

మొదటి షరతుతో మాత్రం నాకొక పేచీ ఉంది. ఈ కొండల్లోనే కిండర్ స్కౌట్ అనే 636 మీటర్ల ఎత్తైన బీడు ఉంది. అప్పట్లో అది ఒక డ్యూకుగారి వేట భూమి. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే 20 ఏళ్ళ కుర్రాడి వెనక వందలాది మంది కార్మికులు దానిమీదికి నడిచారు. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది. ఐదుగురికి జైలుశిక్ష పడింది. పేరున్న నడక సంఘాలే అప్పట్లో ఇది అల్లరి, మనం రాజీ మాటల్లో ఉండగా చెడగొట్టారు అన్నాయి. ఏళ్ళు గడిచాయి. 1951లో ఆ ప్రాంతం దేశంలోనే మొదటి జాతీయ ఉద్యానవనమైంది. 2002లో నాటి డ్యూకు ఆ రోజు తమవాళ్ళ ప్రవర్తనకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. కొండ బీళ్ళ మీద స్వేచ్ఛగా తిరగొచ్చన్న 2000 నాటి చట్టం 2004లో అమలవడం మొదలైంది. మగవాళ్ళ సంబంధాలకు 1967 చట్టం పెట్టిన ఏకాంతం షరతును ఎత్తేసిన చట్టం అమల్లోకి వచ్చిందీ 2004లోనే. ఒకే ఏడాది కొండా తెరుచుకుంది, గదీ తెరుచుకుంది.

కాబట్టి తోసుకుని వెళ్ళినవాళ్ళను తక్కువ చేసి మాట్లాడలేను. గొడవ పడాల్సిన రోజులుంటాయి. అయితే ఆ గొడవ ఒక్క రోజుది. మర్నాటి నుంచీ ప్రతి ఆదివారం ఎవరో ఒకరు మామూలుగా నడవకపోతే ఆ రోజు పడ్డ జైలుకి ఫలం ఉండదు.

దాపరికం లేకపోవడమన్న రెండో షరతు నా మెడకే చుట్టుకుంటుంది. కొండమీద ఫొటో తీసే ముందు "ఫొటోలో వద్దనుకునేవాళ్ళు పక్కకు రండి" అని లీడరు అంటాడు. ఒకరిద్దరు తప్పుకుంటారు. వాళ్ళను పిరికివాళ్ళని నేననను. ఎవరి ఇల్లు ఎలాంటిదో ఎవరికి తెలుసు? నేను ఫొటోలో నిలబడతాను. సాయంత్రం దాన్ని ఊళ్ళో ఉన్న అమ్మకు వాట్సాప్‌లో పంపుతాను. లీడరు సంచికి కుట్టిన ఇంద్రధనుస్సు గుడ్డ అందులో స్పష్టంగానే కనిపిస్తుంది.

"చలిగా ఉంటే చెవులకి గుడ్డ కట్టుకోకూడదా నాన్నా?" అంటుంది అమ్మ.

"కట్టుకున్నానమ్మా, ఫొటో కోసం తీశా."

"వీళ్ళంతా మీ ఆఫీసువాళ్ళేనా?"

"కాదమ్మా, నడిచే క్లబ్బు."

"మంచిది. ఒక్కడివే వెళ్ళకు ఎప్పుడూ."

ఏం క్లబ్బని ఆమె అడగదు. నేను చెప్పను. ఇది దాపరికమేనా? కోర్టుల వివరణలో నాకు కొంత ఊరట దొరికింది. యజమాని నిజంగా చూశాడా లేదా అన్నది లెక్కలోకి రాదట. చూడదలుచుకుంటే కనిపించేలా నడిచావా అన్నదే ప్రశ్న. అమ్మ చూడదలుచుకుంటే కనిపించే చోటనే నడుస్తున్నాను. ఆమె ఎప్పుడు చూడాలన్నది ఆమె ఇష్టానికే వదిలేశాను.

మూడో షరతు అర్థమయ్యాక కొన్ని మంచి మాటలు కూడా వేరుగా వినిపిస్తున్నాయి. "గే వాళ్ళంటే నాకేం అభ్యంతరం లేదు" అని చదువుకున్న స్నేహితులు మనస్ఫూర్తిగా అంటారు. సంతోషమే. కానీ అభ్యంతరం చెప్పే అధికారం తమకుందన్న నమ్మకం ఆ మాటలో ఉంది. బోర్డు పెట్టి దారి వదిలిన యజమాని గొంతు అది. గేటు ఈ రోజు తెరిచే ఉంది, మూసే తాళం మాత్రం వాళ్ళ జేబులోనే.

మన దేశంలో స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377వ సెక్షను, 20 ఏళ్ళ నడకకు హక్కు ఇచ్చే ఈజ్‌మెంట్స్ చట్టం రెండూ ఇంగ్లీషువాళ్ళు రాసిపెట్టినవే. మొదటిది 1860 నాటి శిక్షాస్మృతిలోది. 1999 జులై 2న కలకత్తాలో పదిహేను మంది పసుప్పచ్చ టీషర్టులు వేసుకుని స్నేహ యాత్ర పేరుతో వీధిలో నడిచారు. మన దేశంలో తొలి ప్రైడ్ నడక అది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపడి కలిసిన పెద్దలకు ఆ సెక్షను వర్తించదంది. మధ్య కాలం 19 ఏళ్ళు. చట్టం లెక్కకు ఒక్క ఏడాది తక్కువ.

ఇక్కడ గుంపు సంగతి చెప్పాలి. ఇంగ్లండు చట్టంలో ఒక్క మనిషి ఎన్నేళ్ళు నడిచినా ప్రజల దారి పుట్టదు. నడిచింది జనమని తేలాలి. పుట్టిన హక్కు కూడా నడిచినవాళ్ళకే పరిమితం కాదు, ఆ ఊరు ఎన్నడూ చూడనివాడికీ చెందుతుంది. 1970ల్లో వానలో నడిచినవాళ్ళకు తెనాలి దగ్గర పల్లెటూరివాడొకడు వస్తాడని తెలియదు. వాళ్ళు నా కోసం నడవలేదు. అయినా దారి నాదాకా వచ్చింది.

"ఇప్పుడు హక్కులన్నీ వచ్చాయిగా, ఇంకా ఈ క్లబ్బులెందుకు?" అని కుర్రవాళ్ళు కొందరు అంటున్నారు. ఒకసారి ప్రజల దారి అయితే ఎప్పటికీ ప్రజల దారేనన్నది ఇంగ్లండు సూత్రం. అయినా ఎవరూ నడవని దారిని రెండు వేసవుల్లో ముళ్ళపొదలు మింగేస్తాయి. మ్యాపులో గీత ఉంటుంది, నేల మీద కాలు పెట్టే చోటుండదు. అందుకే మా లీడర్లలో కొందరు కొమ్మలు కత్తిరించే కత్తెర సంచిలో పెట్టుకుని వస్తారు. మన చట్టం ఇంకా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. 20 ఏళ్ళ నడకతో వచ్చిన దారి హక్కు 20 ఏళ్ళు నడవకపోతే పోతుంది. రెండింటిలో నాకు మన చట్టమే నచ్చుతుంది. ఇంగ్లండు సూత్రం ధీమా ఇస్తుంది. మనది, వచ్చే ఆదివారం కూడా రమ్మంటుంది.