కోరిక ఎవరిది?

మనకు ఒక వస్తువు కావాలనిపిస్తుంది. ఆ కావాలనిపించడం మనలోనే పుట్టిందా, ఎవరైనా తెచ్చి మనలో నాటారా? ఇది చదువుకున్నవాళ్లు కూర్చుని చర్చించుకునే ప్రశ్నలా కనిపిస్తుంది. వారపు సంతలో అరగంట నిలబడితే మాత్రం ఇది మన గూడేల ప్రశ్నేనని తెలుస్తుంది.

సంతలోకి ఒకవైపు నుంచి చింతపండు, శీకాయ, కుంకుడుకాయ, పసుపు దిగుతాయి. ఇంకోవైపు దుకాణాల ముందు షాంపూ ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన శీకాయను, కుంకుడును కిలోల లెక్కన కొంటుంది. ఆ డబ్బుతో మనం తలంటుకోవడానికి రూపాయి ప్యాకెట్లు కొంటాం. అయిదుగురున్న ఇంట్లో వారానికి పది ప్యాకెట్లు అనుకుంటే ఏడాదికి 520 రూపాయలు. ఈ లెక్కను పిల్లల చేత నల్లబల్ల మీద వేయించాం. మొదట నవ్వారు, తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

షాంపూ చెడ్డదని మేము చెప్పడం లేదు. దాన్ని చిన్న ప్యాకెట్లో పోసి అమ్మే పద్ధతిని మన దేశంలో ముందుకు తెచ్చినవారిలో తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ ఒకరు. ఉన్నవాళ్లు వాడేది లేనివాళ్లకూ అందాలన్నది ఆయన ఉద్దేశం. అందింది కూడా. శీకాయ దంచి, నానబెట్టి, రుద్దుకునే తీరిక పోడుకు పోయే ఆడవాళ్లకు ఎక్కడిది? ప్యాకెట్ వాళ్ల పని తగ్గించింది. ఇక్కడిదాకా తగాదా లేదు. శీకాయతో తలంటుకొచ్చిన పిల్ల హాస్టల్లో తల దించుకున్న రోజున తగాదా మొదలవుతుంది. ఒక వస్తువు అవసరం తీర్చడం వేరు. మనలో సిగ్గు పుట్టించి, ఆ సిగ్గుకు తానే మందునని చెప్పుకోవడం వేరు.

1975లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' అనే క్రీము మన దేశంలో అమ్మకానికి వచ్చింది. దాని ప్రకటనల కథ మన అందరికీ తెలిసిందే. చామనఛాయ అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. క్రీము రాస్తుంది, తెల్లబడుతుంది, అన్నీ కుదురుతాయి. 2020లో పేరులోని 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పెట్టారు. అప్పటికి 45 ఏళ్లు గడిచిపోయాయి. పేరు మార్చడం తేలిక. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి అమ్మాయి గ్రూపు ఫోటో తీసే రోజున వెనక వరుసలో ఎందుకు నిలబడుతుందో అడిగి చూడండి. "నల్లగా పడతాను సార్" అంటుంది. వాళ్ల గూడెంలో అందరూ ఆ రంగే. అమ్మ ఆ రంగు, అమ్మమ్మ ఆ రంగు. అక్కడ ఎవరూ ఆమెకు ఈ మాట చెప్పలేదు. బయట నుంచి వచ్చిన మాట ఆమె నోట్లో ఆమె సొంత మాటలా పలుకుతోంది. మేము ముఖ్యంగా భయపడేది దీనికి. క్రీముకు పోయిన డబ్బు రేపు కూలికి వెళ్తే తిరిగి వస్తుంది.

ఈ విద్య కొత్తది కాదు. 1929లో ఈస్టర్ ఆదివారం నాడు న్యూయార్క్ వీధిలో కొందరు యువతులు సిగరెట్లు కాలుస్తూ నడిచారు. అవి 'స్వేచ్ఛా జ్యోతులు' అని ప్రచారం జరిగింది. వెనక ఉండి నడిపించినవాడు ఒక సిగరెట్ కంపెనీకి పనిచేస్తున్న ఎడ్వర్డ్ బెర్నేస్. ఆడవాళ్ల మనసులో స్వేచ్ఛ మీద నిజమైన ఆశ ఉంది. ఆయన ఆ ఆశకు సిగరెట్‌ను ముడివేశాడు. (మన మన్యంలో ముసలమ్మలు ఏ కంపెనీ చెప్పకుండానే అడ్డపొగ పీలుస్తారు. అంగిలి పుండ్లు పడి క్యాన్సర్ దాకా పోవడం మాత్రం దాంతోనూ జరుగుతుంది, కాబట్టి మన అలవాటు అయినంత మాత్రాన అది మంచిదైపోదు.)

అబద్ధపు ప్రకటనను పట్టుకోవడానికి చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి పిల్లలకు నేర్పాలి, నేర్పుతున్నాం. కానీ చట్టం అడిగేది 'ఇది నిజమా, అబద్ధమా' అనే. కొత్త బండి మీద నవ్వుతూ పోయే కుర్రాడి బొమ్మలో అబద్ధమేముంది? వాడిని చూసి మన కుర్రాడు నాన్న నడిచి వస్తున్నాడని స్నేహితుల ముందు మొహం తిప్పుకుంటే దానికి ఏ సెక్షనూ లేదు.

ఇలా రాస్తే పట్నం మిత్రులు కొందరు సంతోషిస్తారు. "అవును, మీరు అలాగే ఉండండి, మీ జీవితం ఎంత హాయి" అంటారు. వాళ్లతో మాకు పేచీ ఉంది. ఆదివాసీ ఫోన్ కొనకూడదని, బూట్లు వేసుకోకూడదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మన పెద్దలేమీ సన్యాసులు కారు. పూసల పేర్లు, ముక్కు పోగులు, కంచు కడియాలు, రేడియో, గొడుగు అన్నీ ఆశపడి కొన్నారు. 'అమాయక గిరిజనులు మోసపోతున్నారు' అనే మాట కూడా మాకు నచ్చదు. పెద్ద చదువుల వాళ్లూ అదే ప్రకటన చూసి అదే క్రీము కొంటున్నారు. పైగా మన చోడి అంబలిని చూసి నవ్విన పట్నమే ఇప్పుడు రాగులను అందమైన ప్యాకెట్లో పెట్టుకుని తింటోంది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంబలి అడగడానికి సిగ్గుపడి నూడుల్స్ కొనుక్కున్న పిల్లవాడు దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? చోడి మారలేదు. దాని విలువ ఎంతో చెప్పే నోరు మారింది. ఆ నోరు మనది ఎందుకు కాలేదన్నది మేము చర్చకు పెట్టదలచిన మాట.

మన దగ్గర కోరికకు ఒక పద్ధతి ఉండేది, చాలా గూడేల్లో ఇంకా ఉంది. మామిడి కొత్త పండుగ చేయందే ఎవరూ మామిడికాయ ముట్టరు. చిక్కుడుకు కొత్త ఉంది, సామకు కొత్త ఉంది. కోయల్లోనూ పేర్లు వేరైనా ఈ ఆచారం కనిపిస్తుంది. కాయ కళ్ల ముందే వేలాడుతుంటుంది, నోరూరుతుంటుంది, అయినా రోజు వచ్చేదాకా ఆగాలి. ఆ రోజును ఊరంతా కూర్చుని నిర్ణయిస్తుంది. ఉన్నవాడు ముందు తినడం, లేనివాడు చూస్తూ ఉండడం అందులో కుదరదు. లేత కాయను తెంపకుండా టెంక ముదరనివ్వడానికి పెట్టారని కొందరు పెద్దలు అంటారు. అది నిజమే కావచ్చు. మాకు కనిపించేది ఇంకొకటి: చూడడానికీ తినడానికీ నడుమ కొంత కాలం ఉంచారు. ఫోన్లో వచ్చే ప్రకటన ఆ కాలాన్నే కోసేస్తుంది. 'ఈ ఒక్కరోజే', 'ఇంకా రెండే మిగిలాయి', 'ఇప్పుడు తీసుకోండి, డబ్బు తర్వాత కట్టండి'.

అందుకే తరగతిలో ఒక పని చేయించాం. ఈ సంతలో కొనాలనుకున్నదాన్ని ఒక కాగితం మీద రాసి మడతపెట్టి డబ్బాలో వేయాలి. మూడు సంతలు గడిచాక తీసి చూడాలి. చాలామంది తాము రాసింది చూసి తామే ఆశ్చర్యపోయారు. ఒక అమ్మాయి చెప్పులని రాసింది, మూడు సంతల తర్వాతా చెప్పులే కావాలంది. ఆమెకు నిజంగానే లేవు, ఆ వారమే కొన్నారు. ఒక అబ్బాయి కాగితం చూసి, "ఇది పోయింది సార్, కానీ దీని చోట వేరేది వచ్చింది" అన్నాడు. ఆ జవాబుకు మా దగ్గర ఇంకా జవాబు లేదు.

ఇంకో చిక్కు ఉంది. హాస్టల్లో ఉన్న పిల్లలు కొత్త పండుగ నాటికి ఊళ్లో ఉండరు. పండుగకు ముందే రోడ్డు మీద బండివాడి దగ్గర మామిడి ముక్కలు కొనుక్కు తింటున్నారు. ఈసారి ఊరి పూజారిని, పెద్దలను బడికే పిలిచి కొత్త చేద్దామని కొందరు ఉపాధ్యాయులం అనుకుంటున్నాం. బడిలో చేస్తే అది కొత్త అవుతుందా అని ఒక పెద్దాయన అడిగారు. వచ్చే సంత రోజున ఆయన దగ్గరికే వెళ్లి మాట్లాడాలి.