బాకీ లేని దయ్యం

మా వీపనగండ్లలో ఎవరినైనా దయ్యం పట్టిందంటే మొదట అడిగేది ‘ఎవరంట?’ అని. ఆ తర్వాత ‘ఏం కావాల్నంట?’ అని. దయ్యాలు ఉన్నాయా లేవా అని వాదించే తీరిక ఆ వేళ ఎవరికీ ఉండదు. వచ్చింది పండుగకు చీరె పెడతామని పెట్టకుండా పంపిన ఆడబిడ్డ కావచ్చు, భూమి వాటా తేలకముందే కన్నుమూసిన చిన్నాయన కావచ్చు. ఎవరైనా సరే, తెలిసిన మనిషే. తనకు రావలసింది ఏదో ఉండి, బతికుండగా రాబట్టుకోలేక పోయిన మనిషి. తెలుగు పంతులుగా బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు దయ్యాలు లేవనే చెప్పాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. అయితే ఉన్నాయా లేవా అన్నది దయ్యాల గురించి అడగదగిన ప్రశ్నల్లో అన్నిటికంటే చప్పిడిదని నాకు చాలాకాలంగా అనుమానం. పోయిన దసరా సెలవుల్లో హైదరాబాదు శివార్లలో ఒక దయ్యాల బంగళా చూసివచ్చాక ఆ అనుమానం గట్టిపడింది.

మనవడు పట్టుబట్టాడు, పోక తప్పలేదు. పేరెందుకు గానీ, ఔటర్ రింగు రోడ్డు దాటాక ఒక రిసార్టు వాళ్ళు నడిపిస్తున్నది. ముందు బంగళా, దాని వెనక చెట్లలోంచి చుట్టు తిరిగివచ్చే కాలిబాట. ఒక్కో టికెట్టు మా ఊళ్ళో ఒక రోజు నాట్ల కూలికి తక్కువ లేదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు లోపలికి రావద్దని గేటు దగ్గరే పెద్ద బోర్డు పెట్టారు. ఆ రోజు చూసినవాటన్నిటిలోకీ కాస్త భయపెట్టింది ఆ బోర్డే.

బంగళాలో నల్లగుడ్డ పరదాలు, దూదిని సాగదీసి కట్టిన సాలెగూళ్ళు, శవపేటికలోంచి లేచే బొమ్మ. బొమ్మ లేచేముందు కింద మోటారు గుర్రుమంటుంది కాబట్టి జనమంతా ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. సరే, బయటి బాట బాగుంటుందేమో అనుకున్నాను. చెట్టు, చీకటి, మట్టిదారి ఉంటే చాలు, మా ఊరి పిల్లలు మిగతా దయ్యాన్ని తామే తయారు చేసుకుంటారు. వీళ్ళు ఆ చీకటిని ఉండనిస్తే కదా! పొదకొక ఆకుపచ్చ బల్బు, పొదకొక స్పీకరు. థర్మాకోల్ సమాధుల మీద శిలువలు, ఇంగ్లీషు పేర్లు. పళ్ళు చెక్కిన గుమ్మడికాయలు. ఒక మలుపులో తెల్లగౌను తొడుక్కున్న కుర్రవాడు చెట్టు చాటునుంచి దూకి అరిచాడు. మా ముందున్న పిల్లలు కెవ్వుమన్నారు, వెంటనే వాడితో సెల్ఫీ దిగారు. మా వంతు వచ్చేసరికి వాడు చెప్పు విప్పి కాల్లో ముల్లు తీసుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోతే “కూసో బిడ్డా” అన్నాను. “ఒక్క నిమిషం సార్” అంటూ వెనక్కి పోయి మళ్ళీ దూకాడు. డ్యూటీ కదా, పాపం.

“భయమైతలేదా తాతా?” అన్నాడు మనవడు.

“ఎవర్రా ఈ దయ్యం?” అన్నాను.

“ఎవరేంది తాతా, దయ్యం!”

వాడి తప్పేమీ లేదు. ఆ బాట పొడుగునా ఉన్నవన్నీ ఎవరూ కాని దయ్యాలే. ఏ ఇంటివి? ఏ కాలానివి? వాటికి ఎవరేం చేశారు? నానుంచి ఏం కావాలి? ఎంట్రీ టికెట్టు తప్ప మాకూ వాటికీ లావాదేవీ లేదు.

భయపెట్టే పనితో నాకూ కొంత పరిచయం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఊరి నాటకాల్లో హిరణ్యకశిపుడి వేషం కట్టేవాణ్ణి. స్తంభం ఘట్టంలో జనం కంటే ముందు జంకేది నేనే. ఆ అట్ట స్తంభం వెనక ఉన్నవాడు మా వాడకట్టువాడే, నిన్నటిదాకా నాతో కలిసి టీ తాగినవాడే. ఆ రోజు మాత్రం ఒక్కపొద్దు ఉన్నాడు. మొహానికి రంగు పడ్డాక ఎవరితోనూ పలకలేదు. వాడు బయటికి దూకినప్పుడు ఇద్దరు మనుషులు వెనకనుంచి నడుము పట్టుకునేవారు. ఎప్పుడేం జరుగుతుందోనని వాళ్ళు నిజంగానే పట్టుకునేవారు. తంజావూరు దగ్గరి మేలట్టూరులో ఈ కట్టుబాటు ఇంకా గట్టిది. తమిళదేశం నడుమ తరతరాలుగా తెలుగులోనే ఆడుతున్న భాగవతమేళం అది. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రను నరసింహ జయంతి వేళ ఆడతారు. అక్కడ నరసింహుడి మాస్కుకు పూజ జరుగుతుంది, తొడుక్కునేవాడు ఉపవాసముంటాడు, ఆవేశం ముదిరితే ఆపడానికి మనుషులు పక్కనే ఉంటారు. స్తంభంలోంచి వచ్చేది ఎవరో, ఎవరికోసమో, ఏ లెక్క తేల్చడానికో చూసేవాళ్ళందరికీ ముందే తెలుసు. మోటారు చప్పుడు వినిపించి బొమ్మ తేలిపోయింది గానీ, ముందే తెలియడం వల్ల నరసింహుడు తేలిపోడు. ఎదుట ఉన్నది ఒకే రూపం. దాన్ని చూసి కొడుకు దండం పెడతాడు, తండ్రి వణుకుతాడు. భయం సింహం మొహంలో ఉంటే ఇద్దరూ వణకాలి. అది తండ్రి ఖాతాలో ఉంది.

భరతుడు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానకాన్ని మూడు రకాలు చేశాడు: ఉత్తుత్తి భయం, అపరాధం వల్ల పుట్టే భయం, బెదరగొడితే కలిగే భయం. పైగా ఉలికిపాటు లాంటి త్రాసాన్ని వచ్చిపోయే సంచారి భావాల్లో వేసి, భయాన్ని స్థాయి భావాల్లో కూర్చోబెట్టాడు. రిసార్టువాళ్ళు అమ్మింది ఆ సంచారిని. కొన్నవాళ్ళు స్థాయి దొరకలేదని గొణుక్కుంటూ పార్కింగువైపు పోయారు. అభినవగుప్తుడు రసానికి ఏడు విఘ్నాలు చెప్పాడు. మొదటిది, ఇది జరగగలదన్న నమ్మిక చూసేవాడికి కలగకపోవడం. శిలువలూ ఇంగ్లీషు పేర్లూ ఉన్న ఆ సమాధుల్లో మా తాతలెవరూ పడుకోలేదు మరి!

అయితే ఆ అభినవగుప్తుడే నా వాదానికి అడ్డం కూడా వస్తాడు. భయానకానికి ఆయన ఎత్తుకున్న ఉదాహరణ శాకుంతలంలోని జింక. దుష్యంతుడి బాణానికి జడిసి మెడ తిప్పి చూసుకుంటూ పరుగెడుతుంది. ఆ జింక ఎవరికీ బాకీ లేదు, దాని భయం మటుకు కాలానికీ దేశానికీ కట్టుబడకుండా చూసేవాడికి అంటుతుంది అంటాడాయన. ఒప్పుకుంటాను. కానీ ఆ వెంటనే ఏం జరుగుతుంది? మునులు అడ్డుపడి ఇది ఆశ్రమ మృగం, చంపకూడదంటారు. రాజు బాణం దించుతాడు. అపరాధం వింటిదాకా వచ్చి ఆగింది. జింకలో లేని ఖాతా రథంలో ఉంది. పండితులు ఈ చదువును ఒప్పుకోకపోవచ్చు. పల్లెటూరి పంతులు మెదడుకు తోచింది ఇది.

ఆ గుమ్మడికాయలకు కూడా సొంత ఊళ్ళో ఒక లెక్క ఉండేది. హాలోవీన్ రాత్రి తర్వాత వచ్చేవి సకల పవిత్రుల పండుగ, మృతుల ఆత్మల పండుగ. పాతకాలం ఇంగ్లండులో ఆ రోజుల్లో బీదవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి చిన్న రొట్టెలు అడిగేవారు, బదులుగా ఆ ఇంటి పోయినవాళ్ళకోసం ప్రార్థన చేసేవారు. మన పెత్రమాసకు పెద్దల పేరిట బియ్యం ఇవ్వడానికి అది ఎంతో దూరం లేదు. అమెరికా చేరాక ఆ రొట్టె మిఠాయి అయింది. 1969లో కాలిఫోర్నియా డిస్నీల్యాండులో హాంటెడ్ మాన్షన్ తెరిచేనాటికి దయ్యాలు బండిలో కూర్చుని చూసే వేడుకయ్యాయి. అక్కడినుంచి మన ఔటర్ రింగు రోడ్డుకు గుమ్మడికాయ ఒక్కటే దిగుమతి అయింది, ఇచ్చిపుచ్చుకోవడం ఓడ ఎక్కలేదు.

నిజంగా దయ్యాల బాట నడవాలనుకునేవాళ్ళు మావైపు ఎండాకాలం రావాలి, టికెట్టు లేదు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981 నాటికి కృష్ణ ఒడ్డు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొల్లాపురం, అలంపురం తాలూకాలూ, అవతల కర్నూలు వైపూ కలిపి వంద పైచిలుకు గ్రామాలు మునిగాయి. దేవుళ్ళకు మాత్రం మంచి ఏర్పాటు జరిగింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయిగా విప్పి గట్టు మీద మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి అలాగే అలంపురం తెచ్చారు. అటు ఒడ్డున సప్తనదుల సంగమేశ్వరాన్ని కదిలించలేదు. అది ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలో ఉండి, నీరు దిగితే బయటపడుతుంది. సోమశిల నుంచి పడవల మీద పోయి మొక్కి వస్తారు.

మనుషుల ఇండ్లకూ పెద్దల సమాధులకూ రాళ్ళకు నంబర్లు వేసినవాళ్ళు లేరు. నీళ్ళు బాగా వెనక్కి పోయిన ఒక వేసవిలో ముంపు ఊరి పెద్దమనిషి ఒకాయన వెంట ఆ ఒండ్రులో నడిచాను. మొండిగోడలు, రోలు, బావి ఒర, పగుళ్ళిచ్చిన బురద. పట్టపగలు, తల మాడ్చే ఎండ. ఏ చాటునుంచీ ఎవరూ దూకలేదు. ఆయన ఒకచోట చెప్పులు విడిచాడు. “ఈడ మా నాయిన ఉన్నడు సారూ. మేం పోయినంక ఆయనకు దీపం పెట్టినోడు లేడు” అన్నాడు. నా ఒళ్ళు జలదరించింది. ఆ నీళ్ళు శ్రీశైలంలో కరెంటయి నా ఇంట్లోనూ వెలిగాయి. ఆయన నాన్నకు నేనూ ఎంతో కొంత బాకీ.

ఆ బాకీకి సర్కారు కాగితం కూడా ఉంది. 1986లో వచ్చిన 98 నంబరు జీవో ప్రకారం ముంపు కుటుంబాలకు ఉద్యోగాలు ఇవ్వాలి. మావైపు ‘తొంభై ఎనిమిది జీవో’ అంటే చదువురానివాళ్ళకూ తెలుసు. ఆ కాగితం పట్టుకుని ధర్నాలు చేసిన కుర్రవాళ్ళు తలలు నెరిశాక కూడా చేశారు. ఏ ప్రభుత్వం వచ్చినా ఆ జీవో మళ్ళీ లేచి గుమ్మంలో నిలబడింది. దయ్యం అంటే ఏమిటని మనవడు మళ్ళీ అడిగితే చూపించడానికి నా దగ్గర అంతకంటే మంచి నమూనా లేదు.

ఇంతవరకు చెప్పి ఆగితే నేను భయాన్ని మరీ పుణ్యాత్మురాలిని చేసినట్టు అవుతుంది. భయం బాకీ గుర్తుచేయడమే కాదు, బాకీని పక్కవాడి మీదికి తోసేయడం కూడా దానికి బాగా వచ్చు. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే, బర్రె పాలివ్వకపోతే మంత్రాలు చేసిందని ఒంటరి ముసలమ్మ మీద పడ్డ వార్తలు తెలంగాణ పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? అక్కడ దయ్యం లేదు, చచ్చిన మనిషి ఉంది. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఒక మాటంటారు: విషం తాకిందన్న శంకతోనే మనిషి చనిపోవడం కనిపిస్తుందని. అబద్ధపు కారణానికి నిజమైన ఫలం. తాడును పాము అనుకున్నవాడి చెమట నిజమే. ఆయన చెప్పింది శంకపడ్డవాడి చావు గురించి. మన ఊళ్ళలో శంక ఒకరిది, చావు ఇంకొకరిది. అందుకే బడిలో దయ్యాలు లేవనే చెప్పాను, అది చెప్పవలసిన మాట. ‘ఎవరంట? ఏం కావాల్నంట?’ అన్న ప్రశ్నకు జవాబు పోయినవాళ్ళ దగ్గర వెతికినంతసేపు అందులో కొంత ధర్మం ఉంటుంది. బతికున్న దిక్కులేనివాళ్ళ దగ్గర వెతకడం మొదలుపెడితే అది హత్యే.

మా భజన గుంపులో ఒక మిత్రుడున్నాడు, వేదాంతం బాగా చదివినవాడు. ఆయనకు ఈ బాకీల గొడవంతా నచ్చదు. బృహదారణ్యకం తెరిచి చూడమంటాడు. సృష్టికి ముందు ఒంటరిగా ఉన్న పురుషుడు మొదట భయపడ్డాడట. నేను తప్ప ఇంకొకరు లేనప్పుడు దేనికి భయపడుతున్నానని ఆలోచించుకున్నాడట, భయం పోయిందట. భయం రెండోవాడి వల్లే వస్తుంది, రెండోవాడే లేడని తెలిస్తే అంతా తీరిపోతుంది అంటాడు మిత్రుడు. “నీ దయ్యమూ నువ్వే, నీ బాకీ కూడా నీకే సారూ” అని నవ్వుతాడు.

ఆ చదువు అబద్ధమని నేననను. కానీ రెండోవాడు లేడనడం అప్పు ఎగ్గొట్టేవాడికి కూడా చాలా వీలైన మాట. రిసార్టు బాట మీద నాకు కలిగిన నిర్భయం సరిగ్గా అటువంటిదే: అక్కడ నాకు ఎవరూ లేరు, అందుకని జంకూ లేదు. దాన్ని మోక్షమంటే యాజ్ఞవల్క్యుడు నవ్విపోతాడు. ఆ ఉపనిషత్తులోనే ఇంకాస్త ముందుకు పోతే, నువ్వు అభయాన్ని పొందావని ఆయన జనకుడితో అంటాడు. అప్పుడు జనకుడు చేతులు దులుపుకుని కూర్చున్నాడా? మీకూ ఆ అభయమే కలగాలి అని, ఇదిగో విదేహ రాజ్యం, ఇదిగో నేను, తీసుకోండి అన్నాడు. భయం పోయిన మనిషి మొదట చేసిన పని ఇచ్చేయడం. అది గురుదక్షిణ అంటాడు మిత్రుడు, బాకీకీ దానికీ ముడిపెట్టొద్దంటాడు. దక్షిణ మాత్రం ఒకరకం బాకీ కాదా అంటాను నేను. హార్మోనియం సర్దేవాళ్ళు విసుక్కుని మా ఇద్దరినీ లేపేదాకా ఈ వాదం నడుస్తూనే ఉంటుంది. వచ్చే పెత్రమాసకు ఆయన కూడా బియ్యం ఇస్తాడు, ఆ సంగతి నాకు తెలుసు.